పెళ్ళి ఫోటోలో అత్తగారు లేరు

"పెళ్ళికూతురి అమ్మగారు ఏరీ?"

ట్రావెల్ ఏజెన్సీలో మిస్ టెసోరో అడిగిన మొదటి ప్రశ్న అది. నా జపాన్ వీసా కాగితాలన్నీ చకచకా తిప్పి, పెళ్ళి ఫోటోల దగ్గర ఆగిపోయింది.

"రాలేదండీ," అన్నాను.

"నాన్నగారు?"

"ఆయన పోయి చాలా కాలమైంది."

"అక్కలు, పిన్నులు, మేనత్తలు? పోనీ మీ వైపు వాళ్ళు?"

"ఎవరూ రాలేదు."

మిస్ టెసోరో కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. "సర్, మన దేశంలో పెళ్ళంటే పిలవని వాళ్ళు కూడా వచ్చి తిని, మిగిలింది పొట్లం కట్టుకుని పోతారు. మీ పెళ్ళికి కన్నతల్లి రాలేదా?" ఫోటోని కిటికీ వెలుగులోకి ఎత్తింది. "గోడ మీద 'పన్నులు ఇక్కడ చెల్లించండి' అని బోర్డు. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంది. ఈ ముసలాయన ఎవరు?"

"బాచోయ్ కొట్టాయన. సాక్షి. మేం రోజూ ఆయన దగ్గరే నూడుల్స్ తినేవాళ్ళం."

"నూడుల్స్ కొట్టాయన," అని ఆమె మెల్లగా పలికింది. "సర్, నేను మిమ్మల్ని నమ్ముతాను. మీ మొహం చూస్తే అబద్ధమాడే తెలివి ఉన్నట్టు లేదు. కానీ వీసా ఇచ్చేవాళ్ళు మీ మొహం చూడరు, ఈ ఫోటో చూస్తారు. దొంగపెళ్ళి అనుకున్నారా, కాదంటారు. ఒకసారి కాదంటే ఆరు నెలల దాకా మళ్ళీ అడగడానికి లేదు."

ఆరు నెలలు. నా భార్యకి సెలవు దొరికేది కొత్త సంవత్సరానికి మాత్రమే. అది పోతే మళ్ళీ ఎప్పుడో ఆమెకే తెలియదు.

నా భార్య. ఈ మాట నాకింకా కొత్త. అందుకే అవసరం లేని చోట కూడా వాడుతుంటాను. బడిలో సైన్సు పాఠం మధ్యలో కూడా, "నా భార్య ఉన్న ఊళ్ళో నీళ్ళు గడ్డకడతాయి" అంటుంటాను. పిల్లలు బల్లలు చరుస్తారు.

మిరాసోల్ నాకు మొదట జీప్నీలో, అంటే మా ఊరి షేర్ బండిలో, కనిపించింది. జోరున వాన. నా గొడుగులోంచి నీళ్ళు ధారగా ఆమె చెప్పులోకి కారుతున్నాయి. మా ఊరు ఇలోయిలో. ఆ ఊరివాళ్ళ మాట మెత్తన. తిడుతున్నా జోలపాట పాడుతున్నట్టే ఉంటుంది. "నా చెప్పులో చేపలు పెంచుదామనుకుంటున్నారా?" అని ఆమె అంత తియ్యగా అడిగితే, నేను మురిసిపోయి పేరేమిటని అడిగాను. అది తిట్టని నాకు జీప్నీ దిగాకగానీ తెలియలేదు. అప్పటికే నేను దిగాల్సిన చోటు దాటిపోయి, ఆమె దిగే చోట ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

మేం పెళ్ళి చేసుకుందామనుకునేసరికి వాళ్ళక్క మర్లీన్ పెళ్ళి అయిపోయింది, ఆ మే నెలలోనే. ఒకే ఏడాది ఇద్దరు తోబుట్టువులు పెళ్ళి చేసుకుంటే ఒకరి అదృష్టాన్ని ఒకరు తినేస్తారు. దాన్ని సుకోబ్ అంటాం. మిరాసోల్ తల్లి ఎస్టెర్‌ని అందరం నానాయ్, అంటే అమ్మా, అని పిలుస్తాం; ఆమె ఒకటే మాట అంది: "వచ్చే ఏడాది." కానీ మిరాసోల్‌కి జపాన్‌లో, సప్పోరోలో, ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం వచ్చింది. అక్టోబరులో వెళ్ళిపోవాలి. ఉంగరం లేకుండా పంపడానికి నాకూ, వెళ్ళడానికి ఆమెకీ మనసొప్పలేదు. సెప్టెంబరులో ఎవరికీ చెప్పకుండా సిటీ హాల్లో సంతకాలు పెట్టేశాం.

ఆ సాయంత్రం ఫోన్లో మిరాసోల్‌కి మిస్ టెసోరో చెప్పిందంతా చెప్పాను.

"ఇవాళ ఒక అవ్వ నా ఉంగరం చూసి మీ ఆయనెక్కడ అని అడిగింది," అంది మిరాసోల్. "సముద్రం అవతల అన్నాను. ఈదుకుంటూ రమ్మను అంది."

"వీసా రాకపోతే అదే పని."

"నీకు ఈత రాదు, పలంగ్గా." పలంగ్గా అంటే మాలో ముద్దుపేరు. ఆమె నోట వింటే నాకు రోజూ మొదటిసారి విన్నట్టే ఉంటుంది.

"అయితే నానాయ్‌కి చెప్పేద్దాం. ఇంకో దారి లేదు."

మిరాసోల్ గొంతు తగ్గించింది. "అక్క కడుపుతో ఉంది. ఇప్పుడు చెప్తే, అక్కకి ఏ చిన్న నలత చేసినా మన వల్లే అంటుంది. నిజంగా మన వల్లే అయితే?"

"నువ్వు నమ్ముతావా సుకోబ్‌ని?"

"పగలు నమ్మను."

"రేపే వెళ్తాను."

"నేను ఫోన్లో చెప్తానులే."

"నువ్వు ఫోన్ చేస్తే పెట్టేస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పెట్టెయ్యడానికి లేదుగా."

"కొట్టడానికి ఉంది."

"ముందే చెప్పు, ఏ చెంప మీద కొడుతుంది? ఆ వైపు గడ్డం గీసుకోను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు జేబులో వేసుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

నానాయ్ ఉండేది గిమరాస్ దీవిలో. మా ఊరి రేవు నుంచి మోటారు పడవ. ఉత్తచేతులతో వెళ్ళకూడదని అంగట్లో అన్నిటికంటే మంచి పళ్ళబుట్ట కొన్నాను. అవతలి రేవులో కాపలాదారు బుట్ట మీది కాగితం తొలగించి నా మొహంలోకి చూశాడు.

"మామిడిపళ్ళా? గిమరాస్‌కా?"

అప్పుడు వెలిగింది. బయటి మామిడి ఆ దీవి మీద అడుగు పెట్టకూడదు. తోటలకి పురుగు పడుతుందని నిషేధం. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"ఏం చేస్తుంటారు మీరు?" అన్నాడు.

"సైన్సు టీచర్ని."

నా వెనక వరసంతా నవ్వింది.

"ఎవరింటికి?"

"నానాయ్ ఎస్టెర్ గారింటికి."

"అయ్యో దేవుడా, ఆమెది మామిడితోటే కదయ్యా," అని, పళ్ళు తీసేసుకుని ఖాళీ బుట్ట నా చేతిలో పెట్టాడు.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. నానాయ్ వాకిట్లో కూర్చుని పాత వార్తాపత్రికల్ని సంచుల్లా మడుస్తోంది. లేతకాయలకి పురుగు సోకకుండా చెట్టు మీదే తొడిగే సంచులవి.

"రా తోతో. మామిడిపళ్ళు తెచ్చావటగా." తోతో అంటే అబ్బాయ్ అని. ఆమె నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుంది.

మాలో పెద్దలకి దణ్ణం పెట్టే పద్ధతిలో, వంగి ఆమె చేతిని నా నుదుటికి ఆనించుకున్నాను. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే కాఫీ ఇస్తుంది, కాఫీ తాగితే ధైర్యం చల్లారిపోతుంది.

"నానాయ్, మిరాసోల్‌కీ నాకూ పెళ్ళయింది. సెప్టెంబరులో. సిటీ హాల్లో."

ఆమె చేతిలో కాగితం మడత ఆగింది. మళ్ళీ కదిలింది.

"కూర్చో, రెనాంటే."

గొంతు తేనెలాగే ఉంది. కానీ పూర్తిపేరు పెట్టి పిలిచింది. మా దగ్గర కోపాన్ని రాగంలో పట్టుకోలేం, పిలుపులోనే పట్టుకోవాలి. నేను కూర్చుని, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒక పేపరు తీసుకుని మడవడం మొదలుపెట్టాను.

"మర్లీన్‌ది మే నెల."

"అవును."

"అది కడుపుతో ఉంది."

"అప్పటికి తెలియదు నానాయ్. తెలిసిన దగ్గర్నుంచీ మిరాసోల్‌కి నిద్ర లేదు. రోజూ అక్కకి ఫోన్ చేసి బిడ్డ కదిలిందా అని అడుగుతోంది."

"అదా సంగతి. చిన్నప్పుడు దువ్వెన కోసం అక్క జుట్టు పీకిన పిల్లకి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను." నేను మడిచిన సంచి తీసుకుని, విప్పి, మళ్ళీ మడిచింది. "ఎందుకొచ్చావు? క్షమించమనడానికా?"

"పెళ్ళి చేసుకున్నందుకు కాదు. అది మళ్ళీ అయినా చేసుకుంటాను. మిమ్మల్ని పిలవనందుకు క్షమించండి. నేను ఆమె దగ్గరికి వెళ్ళాలి. ఈసారి కాదంటే మళ్ళీ అడుగుతాను, అప్పుడూ కాదంటే మళ్ళీ అడుగుతాను. కానీ దొంగలాగా వెళ్ళను. మీ అల్లుడిగా వెళ్తాను."

నానాయ్ రెండు సంచులు మడిచింది. తర్వాత అడిగింది.

"ఆ సిటీ హాల్లో ఫాదర్ ఉన్నాడా?"

"లేడు."

"కొవ్వొత్తులు? మీ ఇద్దరి మీదా ముసుగు కప్పారా? ఇద్దర్నీ కలుపుతూ తాడు వేశారా?"

"లేదు. ఒక స్టాంపు వేశారు."

"స్టాంపు," అంది ఆమె. "నా మోటారు పంపుకి కరెంటు ఇచ్చినప్పుడు కూడా స్టాంపే వేశారు. అది పెళ్ళెలా అవుతుంది? పెళ్ళి కాలేదంటే సుకోబూ లేదు."

నా గుండె మీది బరువు సగం దిగింది. మిగతా సగం వెంటనే గుర్తొచ్చింది. "కానీ నానాయ్, వీసాకి మాకు పెళ్ళయి ఉండాలి."

"జపాన్ వాళ్ళకి మీరు పెళ్ళయినవాళ్ళు. దేవుడికి ఇంకా కాలేదు. వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారా ఏమిటి?" చేతులు దులుపుకుంది. "నాకు కోపం దానికి కాదు. పమలాయే ఏది? మీ అమ్మానాన్నా నా గడప తొక్కి పిల్లనిమ్మని అడిగారా? వాళ్ళక్కకి అడిగారు. దీనికి అడగొద్దా? ఆదివారం రమ్మను. అడగమను. ఇవ్వాలో వద్దో అప్పుడు చూస్తాను."

"ఇవ్వనంటే?"

"స్టాంపు పడిందన్నావుగా, ఏం చేస్తాను. కానీ అడగాలి."

ఆ ఆదివారం మా అమ్మ సూపూ, నాన్న కాల్చిన పంది మాంసమూ, నేను బిబింకా రొట్టెలూ మోసుకుని పడవ దిగాం. కాపలాదారు ప్రతి గిన్నె మూతా తీసి చూశాడు. "ఇవాళ సైన్సు టీచరు పాసయ్యారు," అన్నాడు.

మిరాసోల్ ఫోన్లో వచ్చింది. ఆమెని బల్ల మధ్యలో రైస్ కుక్కర్‌కి ఆనించి నిలబెట్టాం. ఆవిరి పట్టి మాటిమాటికీ నా భార్య మాయమైపోతుంటే, మర్లీన్ అక్క తన గౌను అంచుతో తుడుస్తోంది.

మా నాన్న గొంతు సవరించుకుని పిల్లనిమ్మని అడిగాడు. నానాయ్ నన్ను ఎన్నడూ ఎరగనట్టు ప్రశ్నలు వేసింది. అబ్బాయి ఏం చేస్తాడు? తాగుతాడా? కోపమెక్కువా? బట్టలు ఉతకడం వచ్చా? అన్నిటికీ మా అమ్మ జవాబు చెప్పింది, చివరిదానికి తప్ప.

"అమ్మాయి ఏమంటుంది?" అన్నాడు నాన్న.

"ఆలోచించుకోవడానికి కొంచెం టైము కావాలి," అంది ఫోన్లోంచి మిరాసోల్.

మా అమ్మ చేతిలో గరిటె జారింది. నేను ఫోన్ కేసి చూసిన చూపుకి ఆమె పగలబడి నవ్వి, "సరే, ఇచ్చెయ్యండి నానాయ్," అంది.

ఫోటోకి అందరం నిలబడ్డాం. మిరాసోల్ కూడా మధ్యలో ఉండాలని అక్క ఫోన్‌ని తన పొట్ట మీద పెట్టి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ ఎగిరింది.

"తన్నింది," అంది అక్క. "నీ మొహం మీదే తన్నింది."

మిరాసోల్ ఏడుస్తూ, "ఇంకోసారి తన్నమను," అంటోంది. ఆ ఫోటోలో ఒక్కరు కూడా కెమెరా వైపు చూడలేదు.

మిస్ టెసోరో దాన్ని చాలాసేపు చూసింది.

"పెళ్ళి సెప్టెంబరులో. పిల్లనడగడం నవంబరులో."

"అవునండీ."

"ఈ ఫోన్లో ఏడుస్తున్నది పెళ్ళికూతురు."

"నా భార్య," అన్నాను.

"సర్, దొంగపెళ్ళి చేసుకునేవాళ్ళు ఎంతో పద్ధతిగా చేసుకుంటారు. ఇంత తలకిందులుగా నిజంవాళ్ళే చేసుకుంటారు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసివ్వండి, ఫోటోలతో జతచేస్తాను."

"మామిడిపళ్ళ సంగతి కూడానా?"

"మామిడిపళ్ళా?" ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు నాకు చెప్పండి."

వీసా వచ్చిన రోజు నేను బడి మెట్ల మీద కూర్చుని పాస్‌పోర్టులో ఆ పేజీని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాను. ఎండకి అది మెరుస్తుంది. ఆ సంగతి ఎవరూ నాకు ముందు చెప్పలేదు.

విమానాశ్రయానికి నానాయ్ కూడా వచ్చింది. మామిడికాయ సంచుల కాగితంలో చుట్టిన బరువైనదేదో నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే శాంతో నీన్యో, వాళ్ళింటి అలమారలోని బాలయేసు బొమ్మ.

"దేవుడి లెక్కలో మీకింకా పెళ్ళి కాలేదు. ఈ ఏడాది గడిచేదాకా ఈయన మీ ఇద్దరి మధ్యా ఉంటాడు. అది సెలవుకి ఇంటికొచ్చినప్పుడు చర్చిలో పెళ్ళి. ఆ ఫోటోలో నేను ముందు వరసలో ఉంటాను." నేను వంగాను. ఆమె తన చేతిని నా నుదుటి మీదే కాసేపు ఉంచింది. "వెళ్ళిరా, తోతో."

రెండు విమానాలు మారి, ఆ ఏడాది చివరి రోజు మధ్యాహ్నం సప్పోరోలో దిగాను. అద్దాల తలుపుల అవతల, ఎర్ర ఉన్నిటోపీలో, ముక్కు కూడా అదే రంగులో, మిరాసోల్.

దారంతా చెప్పుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆమే ముందు మాట్లాడింది. "ఇంత పల్చటి చొక్కా వేసుకుని ఎవరైనా మంచులోకి వస్తారా? సైన్సు టీచరువేనా నువ్వు?"

అదే జోలపాట. ఈసారి అది తిట్టని నాకు వెంటనే తెలిసింది. తెలిసీ మురిసిపోయాను. ఆమె తన మఫ్లర్ విప్పి నా మెడకి చుట్టి, దాని రెండు కొసలూ వదలకుండా అలాగే పట్టుకుంది.

ఆమె గది చిన్నది. కిటికీ అవతల మంచు, దూదిపింజలు చల్లినట్టు, ఏ చప్పుడూ లేకుండా పడుతోంది. శాంతో నీన్యోని బయటికి తీసి, నానాయ్ మాట ప్రకారం మా ఇద్దరి మధ్యా బల్ల మీద నిలబెట్టాను. మిరాసోల్ ఆయన్ని రెండు చేతులతో ఎత్తి, కిటికీలో, మొహం బయటికి ఉండేలా పెట్టింది.

"పాపం, గిమరాస్ నుంచి ఎప్పుడూ కదల్లేదు. మంచు చూడనీ."

"ఏడాది మారేదాకా మధ్యలో ఉండాలి కదా?"

"ఇక్కడ మన ఊరికంటే గంట ముందే మారుతుంది, పలంగ్గా," అంది గోడ గడియారం చూస్తూ. "ఏ గడియారం ప్రకారమో నానాయ్ చెప్పిందా?"

"చెప్పలేదు."

అప్పుడే నా ఫోన్ మోగింది. నానాయ్ పంపిన మెసేజి. ఇద్దరం తలలు ఆనించి చదివాం.

"చేరావా తోతో? చెప్పడం మర్చిపోయాను. గిమరాస్ టైము."