పన్నెండు గడుల పలక

మా బడిలో మిగతా గదులకు కిటికీలున్నాయి, నా గదికి తాళం ఉంది. మామూలు పలకా బలపంతో చదువుకోలేని పిల్లల కోసం వచ్చిన సామానంతా ఇందులోనే ఉంటుంది. తెర మీది అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్, మోచేత్తో నొక్కినా పలికేంత పెద్ద మీటలున్న కీబోర్డు, అక్షరాన్ని అరచేయంత చేసి చూపే కెమెరా. సగం వాటికి ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. విప్పితే పాడైపోతాయని మా హెడ్మాస్టర్ అర్నుల్ఫో భయం. పిల్లలు పాడైపోతారని మాత్రం ఆయన ఎన్నడూ భయపడలేదు.

నా పేరు నూరిస్. మగ్దలేనా నది ఒడ్డున ఈ ఊళ్ళో పంతులమ్మను ‘సెన్యో’ అంటారు. ఇరవై రెండేళ్ళుగా నేనూ ఒక సెన్యోనే.

ఆ సామానులో రోజూ వాడుకలో ఉన్నది పలక ఒక్కటే. నోటుపుస్తకమంత వెడల్పు. దాని మీద పన్నెండు గడులు, గడికో బొమ్మ. నొక్కితే మాట పలుకుతుంది. మాట రాని పిల్లలకు అదే నోరు. కొత్తలో దాని గొంతు రాజధాని బొగొతా దొరసాని గొంతులా ఉండేది, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టు. పిల్లలు పడీపడీ నవ్వారు. దాన్ని చెరిపేసి నా గొంతు రికార్డు చేశాను. మా తీరం యాస, మా తీరం తొందర.

యులెయిదిస్ రెండేళ్ళు నా గొంతుతోనే మాట్లాడింది. తొమ్మిదేళ్ళ పిల్ల, చక్రాల కుర్చీలో ఉండేది. ఒళ్ళంతటిలో తన మాట వినేది ఎడమచేతి వేలి కణుపు ఒక్కటే. ఆ కణుపుతో గడిని టక్కున కొట్టేది. వాళ్ళమ్మ దెయనీరా రేవులో బొయ్యోలు అమ్ముతుంది, మొక్కజొన్న ముద్దలు ఆకులో చుట్టి ఉడికించినవి.

“పొద్దున్నే నా బిడ్డ నోట్లోంచి మీరు లేస్తారు సెన్యో,” అనేది. “మా ఇంట్లో మీకో కుర్చీ వేసెయ్యాలి ఇంక.”

పన్నెండు గడుల్లో ఏ మాటలుండాలో నేనే నిర్ణయించాను. శుభోదయం. దయచేసి. థాంక్యూ. పాట పెట్టండి. నాకు సంతోషంగా ఉంది. ఇలాంటివి. పెద్దవాళ్ళెవరైనా బడి చూడ్డానికి వస్తే ఆ పిల్ల ‘థాంక్యూ’ కొట్టేది, వాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ‘నీళ్ళు’ పెట్టాను. ‘వద్దు’ పెట్టలేదు. ‘నొప్పి’ పెట్టలేదు. తట్టలేదు అని చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. తట్టింది. వద్దనే పిల్లతో పని ఎక్కువ, అంతే.

ఆ శుక్రవారం మూడు రోజుల సెలవులకు ముందు రోజు. అందరికీ ఇంటికి పోయే తొందర. యులెయిదిస్ ‘నీళ్ళు’ కొట్టింది. గ్లాసు నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పెట్టాను. నీళ్ళన్నీ గౌను మీదికి ఉమ్మేసింది. మళ్ళీ... మళ్ళీ... పదకొండు సార్లు. లెక్కపెట్టాను, ఎందుకంటే నాకు ఒళ్ళు మండుతోంది.

“ఆటలా నీకు?” అన్నాను. “ఆడుకుంటే పలక ఉండదు.”

తీసి బీరువా మీద పెట్టాను. మా పనిలో అందరం చేసేదే ఇది. అల్లరి చేస్తే పలక తీసేస్తాం. మాట్లాడే పిల్ల అల్లరి చేస్తే నోరు కోసి బీరువా మీద పెట్టం కదా అని ఎవరికీ తోచదు. బండి వచ్చింది, పిల్ల వెళ్ళిపోయింది. పలక అక్కడే ఉండిపోయింది.

సోమవారం తెల్లవారుజామున పిల్ల పెద్దాసుపత్రిలో పోయింది. కడుపులో పేగు పగిలి మూడు రోజులైందన్నారు.

అప్పటికి నాకు అర్థమైంది. ఆ పన్నెండు మాటల్లో మనిషిని తన దగ్గరికి పరుగెత్తించే మాట ‘నీళ్ళు’ ఒక్కటే.

మాలో మనిషి పోతే తొమ్మిది రాత్రులు ప్రార్థన. ఇంట్లో బల్ల మీద తెల్లగుడ్డ, పటం, దీపాలు. బల్ల కింద ఒక గ్లాసు నీళ్ళు, ప్రయాణంలో ఉన్న ఆత్మకు దాహం వేస్తుందని. నేను రోజూ వెళ్ళాను. వెళ్ళకపోతే ఏమనుకుంటారో అని కూడా వెళ్ళాను.

“శనివారమంతా మంచం పట్టె మీద కణుపుతో కొడుతూనే ఉంది సెన్యో,” అంది దెయనీరా ఎనిమిదో రాత్రి. “టక్, టక్, టక్. ఆడుకుంటోందనుకున్నా. పలక ఉంటే ఏదో ఒకటి చెప్పేదేమో. సంచిలో చూస్తే లేదు. ఎక్కడ పోయిందంటారు?”

అందరూ నావైపు చూస్తున్నారు.

“బండిలో ఉండిపోయినట్టుంది,” అన్నాను. “దించడం మరిచిపోయి ఉంటారు.”

ఆమె తలూపింది. బల్ల కిందికి వంగి గ్లాసు చూసింది. “అయినా తాగుతోంది చూడండి. పొద్దుటికి వేలెడు తగ్గుతోంది.”

మర్నాడు బుధవారం. ఆఖరి రాత్రి ప్రార్థన అయ్యాక బల్ల ఎత్తేస్తారు, దాంతో పోయినవాళ్ళు పూర్తిగా పోయినట్టు. ఆ పొద్దున అర్నుల్ఫో నా గదికి వచ్చాడు.

“సెన్యో నూరిస్, ఆ పలక చెరిపేసి ఉంచండి. రేపు కొత్త పిల్లకి ఇస్తున్నాం, యిసెత్ అని. ఫొటోలకి జనం వస్తారు.”

“ఇంకా తొమ్మిది రోజులు కాలేదు సార్.”

“పలకకి మైల ఏమిటండీ?” అని నవ్వుతూ వెళ్ళాడు.

మధ్యాహ్నం బడి వదిలారు. మూడింటికి వాన పట్టుకుంది. రేకుల కప్పు మీద వాన పడితే మా గదిలో మన ఊపిరి మనకే వినపడదు. కాసేపటికి కరెంటు పోయింది. కిటికీ లేని గది, పట్టపగలే చీకటి. తలుపు తెరిచి పెట్టుకున్నాను, నడవాలోంచి బూడిద రంగు వెలుతురు కొంచెం వచ్చి పడుతోంది. తడిసిన సిమెంటు వాసన, పాత ప్లాస్టిక్ వాసన.

పలక బ్యాటరీలతో నడుస్తుంది, కరెంటుతో పని లేదు. చెరిపే మీట నొక్కి పట్టుకున్నాను. పొడుగ్గా ఒక బీప్. గడులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. పన్నెండూ మూగవి.

ఈసారి మొదటి మాట ఏదో ముందే అనుకున్నాను. రికార్డు మీట నొక్కి, నోరు దగ్గర పెట్టి, “నొప్పి,” అన్నాను.

వినడానికి గడి నొక్కాను.

“నీళ్ళు.”

నా గొంతే. పాతది సరిగ్గా చెరగలేదనుకున్నాను. మళ్ళీ చెరిపాను. మళ్ళీ “నొప్పి” అన్నాను, గట్టిగా.

“నీళ్ళు.”

ఈసారి గొంతు కొంచెం ఆయాసపడుతోంది. నేను ఆయాసపడుతూ ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు... పలక తిరగేసి నాలుగు బ్యాటరీలూ ఊడదీశాను. అవి బల్ల మీంచి దొర్లి కిందపడిన చప్పుడు విన్నాను.

వాన ఒక్కసారిగా తగ్గింది.

టక్.

బల్ల చెక్క మీద. నా చేతులు రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

టక్... టక్...

“నీళ్ళు,” అంది పలక. “నీళ్ళు. నీళ్ళు.”

ఆపలేకపోయాను. లెక్కపెట్టాను. నాలుగు... ఏడు... పది... ప్రతిసారీ గొంతు ఇంకొంచెం సన్నబడుతోంది. అయినా నాదే. పదకొండు దగ్గర ఆగింది. పిప్పరమెంటు లేపనం వాసన వచ్చింది. దెయనీరా ఆ పిల్ల ఛాతీకి రోజూ రాసే లేపనం. నా మోకాలికి చల్లగా ఏదో తగిలింది, కుర్చీ చక్రం తగిలినట్టు. వంగి చూసే ధైర్యం లేకపోయింది.

నాకు ఒకటే తోచింది. కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు పోశాను. సగం బల్ల మీద ఒలికాయి. పలక ముందు పెట్టాను.

“తాగమ్మా,” అన్నాను. “తాగి వెళ్ళు.”

“వద్దు.”

ఆ మాట ఆ పలకలో ఎన్నడూ లేదు.

“వద్దు సెన్యో... నొప్పి.”

“ఎవరితో మాట్లాడుతున్నారు?”

గుమ్మంలో దెయనీరా. నెత్తిన ప్లాస్టిక్ కవరు, చీలమండల దాకా బురద. రాత్రి ప్రార్థనకు బడిలోంచి కుర్చీలు అడగడానికి వచ్చిందట. ఆమె చూపు నా మీద లేదు, బల్ల మీద ఉంది.

“ఇది బండిలో ఉండిపోయిందన్నారుగా?”

చెప్పేసి ఉండాల్సింది. అప్పుడైనా. నా నోరు మూసుకునే ఉంది, పళ్ళు బిగించుకుని ఉన్నాను. ఆ సంగతి నాకు బాగా గుర్తు.

“నేనే తీసేశాను,” అంది నా గొంతు. “పదకొండు సార్లు పిలిచింది. విసుగొచ్చి తీసేశాను.”

దెయనీరా నా పెదాలకేసి చూసింది. తర్వాత పలక కేసి చూసింది. వెనక మూత ఊడి, ఖాళీగా పడుంది అది. ఆమె దగ్గరికొచ్చి పలకను రెండు చేతులతో నిమిరింది, పిల్ల తల నిమిరినట్టే.

“గొంతు మీదే,” అంది మెల్లగా. “మాట మాత్రం నా బిడ్డది. ఎప్పుడూ అంతే కదా.”

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “రాత్రికి మీరు రాకండి సెన్యో. బల్ల ఎత్తం. నా బిడ్డ ఇంకా వెళ్ళలేదు.”

గురువారం ఫొటోలు తీశారు. బ్యాటరీలు వేసి రాత్రే గడులన్నీ నింపాను. మొదటి గడి ‘వద్దు’. రెండోది ‘నొప్పి’. ఈసారి అన్నీ అన్నట్టే పడ్డాయి. కొత్త పిల్ల యిసెత్ అందరి ముందూ మొదటి గడి నొక్కింది. “వద్దు.” రెండోసారి, మూడోసారి. అర్నుల్ఫో నా చెవిలో, “ఇదేం మాటండీ, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?” అని విసుక్కున్నాడు. రెండో గడి కూడా నొక్కించి చూశాను. నొప్పి. స్పష్టంగా, గట్టిగా. నా గొంతులో ఆ మాట అంత బాగా ఎప్పుడూ పలకలేదు.

ఇంతవరకూ ఆ వారంలోనే రాసి పెట్టుకున్నాను. ఈ ఆఖరి పేజీ ఇవాళ రాస్తున్నాను, ఆరోగ్య కేంద్రం బెంచీ మీద కూర్చుని.

తెల్లవారుజామునే వచ్చాను. ఏమైందని నర్సు అడిగింది. చెప్పాను. ఆమె గ్లాసు తెచ్చి ఇచ్చింది. కాదని తల అడ్డంగా ఊపి, మళ్ళీ చెప్పాను. ఇంకో గ్లాసు తెచ్చింది. నా నోట్లోంచి ఏ మాట వస్తోందో నా చెవులకు వినపడింది. ఆమె చేతిలోంచి చీటీ లాక్కుని రాసి చూపించాను. చదివి నవ్వింది. “ఇంత దాహమేమిటి సెన్యో, డాక్టరుగారు పదింటికొస్తారు, కూర్చోండి,” అని కూజా తెచ్చి పక్కనే పెట్టింది.

పదకొండు సార్లయింది. ఇప్పుడిక అడగడం మానేశాను. చేతికందినంతలో బెంచీ చెక్క మీద కణుపుతో కొడుతున్నాను.

రాసేది సరిగ్గానే పడుతోందనుకుంటాను. చదివే మీకైనా అర్థమవుతుంది కదా. బొడ్డుకి కుడిపక్క, కాస్త కిందికి. రాత్రి నుంచీ ఒకటే నీళ్ళు. ఓర్చుకోలేనంత నీళ్ళు.