మస్టాంగ్ డోరు

పెనం మీద పెసరట్టు మాడుతున్నా ప్రవల్లిక చూసుకోలేదు. ఆమె చూపంతా వంటింటి కిటికీలోంచి తోటలో ఉన్న షెడ్డు మీదే ఉంది. వారం కిందట చెన్నై వెళ్ళిన భర్త ప్రేమ్‌చంద్ రాత్రి బాగా పొద్దుపోయాకే ఇల్లు చేరాడు, ఇవాళ అతని పుట్టినరోజు. వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్న మామగారు వీరరాఘవయ్య చూపూ అక్కడే ఉంది. చాలాసేపటి నుంచీ ఆయన పేజీ తిప్పలేదు.

"అమ్మాయ్, వాడు లేచాడా?"

"స్నానం చేస్తున్నారు మావయ్యగారూ. టిఫిన్ తిని వెళ్తారు."

"టిఫిన్ తింటాడా, నా మొహం! ముందు ఆ కారు మొహం చూడందే వాడికి ముద్ద దిగదు" అన్నాడాయన. రోజూ ఉండే వెటకారం ఇవాళ ఆ మాటలో లేదు.

ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి రైతుల్లో ఒకరికి కోడిపుంజుల పిచ్చి, ఇంకొకరికి పందెపు ఎడ్ల పిచ్చి. ప్రేమ్‌చంద్‌కి మాత్రం యాభై అరవై ఏళ్ళ కిందటి అమెరికా మజిల్ కార్ల పిచ్చి. మామూలు బండికి లారీకి సరిపడా ఇంజను బిగించి, రోడ్డు అదిరేలా పరిగెత్తించే రకం అవి. ఎవరి పిచ్చి వారికానందం! చెన్నై గోడౌనులో దొరికిన ఓ పాత మస్టాంగ్‌ని మొండెంగా తెచ్చి షెడ్డులో పెట్టి, దానికి ఒక్కో భాగమే వెతికి తెస్తున్నాడు. అదీ ఆ రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో తయారైనదే కావాలి. కొత్తగా చేసిన డూప్లికేటు ఊరికే ఇచ్చినా ముట్టుకోడు. ఎడమవైపు డోరు కోసం ఏళ్ళకేళ్ళు వెతికాడు. చివరికి పోయిన నెలలో ఓడెక్కి వచ్చింది, రంగు వెలిసి, అంచుల్లో తుప్పు పట్టి. దాన్ని లారీలోంచి పసిబిడ్డని దించుకున్నట్టు దించుకున్నాడు.

ఆ షెడ్డులో ఒకప్పుడు కాయలు గ్రేడింగు చేసేవాళ్ళు. కారొచ్చి కూర్చున్నాక కాయల గుట్టలు చెట్ల కిందకి వెళ్ళాయి. "తుక్కుకి నీడ, పంటకి ఎండానా?" అని వీరరాఘవయ్య కూలీలందరి ముందూ అనేశాడు. ప్రేమ్‌చంద్ ఆ రోజే షెడ్డుకి తాళం వేశాడు, తన నోటికి కూడా. అప్పటినుంచీ తండ్రీకొడుకుల మాటలన్నీ ప్రవల్లిక పోస్టాఫీసు మీదుగానే నడుస్తున్నాయి.

అలాంటి మామగారు పోయిన వారం తనంతట తానే వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, వాడు తెచ్చిన డోరు తుప్పు పట్టిపోయుంది కదా. హనుమాన్ జంక్షన్‌లో లారీలకి రంగులేసే పెయింటరు నాకు తెలుసు. వీడు చెన్నై నుంచి వచ్చేలోపు కొత్తదానిలా చేయించి పెడదాం. తాళంచెవి ఇస్తావా?" అన్నాడు. ప్రవల్లికకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి మంచు కరుగుతోందనుకుని రెండో ఆలోచన లేకుండా ఇచ్చేసింది.

ప్రేమ్‌చంద్ టిఫిన్ తినలేదు. తల తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు.

"ఎవరు చేశారిది?"

ఆ అరుపుకి ప్రవల్లిక స్టవ్ కట్టేసి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి వీరరాఘవయ్యా వచ్చాడు. గోడకి ఆనించిన డోరు చిలకపచ్చ రంగులో మెరిసిపోతోంది. మధ్యలో ఎర్రటి కలువ, దాని కింద మామిడిపండు పొడుస్తున్న రెండు చిలకలు. లారీ వెనక ఉండాల్సిన సంబరమంతా ఆ డోరు మీదే ఉంది.

"బాగుందారా?" అన్నాడు వీరరాఘవయ్య. బహుమతి ఇచ్చి ఎదురుచూసే చిన్నపిల్లాడి మొహం అయిపోయింది ఆయనది.

"బాగుండటమా? నాశనం చేశారు! ఫ్యాక్టరీ వాళ్ళు వేసిన రంగంతా గీకించి పారేశారు. కావాలనే చేశారు కదూ? ఈ కారంటే మీకు మొదట్నుంచీ మంటే!"

"అది కాదురా, తుప్పు పట్టిందని..."

"పట్టనివ్వండి! నా సామాను ముట్టుకోడానికి అసలు మీరెవరు?"

చిలకలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి.

"తాళం ఎలా తీశారు?" ప్రేమ్‌చంద్ ఇంకా వదల్లేదు.

ప్రవల్లిక ఒక అడుగు వెనక్కి వేసింది. మామగారు ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నా దగ్గర ఇంకో చెవి ఉందిలే" అన్నాడు. "తప్పయింది." వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచాడు.

ఆమె వెనకే వెళ్ళేసరికి ఆయన చేతిసంచిలో పంచెలు సర్దుతున్నాడు.

"ఎక్కడికి మావయ్యగారూ?"

"చింతలపూడి. శిరీష దగ్గర కొన్నాళ్ళుంటా." కూతురి పేరు చెబుతూ సంచి మూతి బిగించాడు. "నువ్వు మాత్రం నోరెత్తకు. నా మూలంగా మీ ఇద్దరికీ మాటామాటా రావద్దు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ప్రవల్లికకి ప్రాణం హాయిగా అనిపించింది. ఆయన వెళ్ళిపోతే తాళం సంగతి ఎప్పటికీ బయటపడదు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గిరుక్కున తిరిగి షెడ్డుకి వెళ్ళింది.

"తాళంచెవి ఇచ్చింది నేను" అంది.

ప్రేమ్‌చంద్ తలెత్తాడు. "నువ్వు కూడానా? పదేళ్ళ నుంచి నేను దేనికోసం చస్తున్నానో నీకు తెలీదూ?"

"తెలీదండీ! చెప్పారా ఎప్పుడైనా? అడిగితే 'నీకర్థం కాదులే' అన్నారు. తాళం వేసుకుని లోపల కూర్చున్నారు. తుప్పులో గొప్పేంటో మాకు కల వస్తుందా?"

అతను డోరు లోపలి అంచు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ సుద్దతో ఒక అంకె ఉండేది" అన్నాడు. "ఆ ఫ్యాక్టరీలో డోరు బిగించినవాడు చేత్తో రాసుకున్న గుర్తు. వాడెవడో, ఉన్నాడో పోయాడో. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ చెయ్యి కనపడేది. దొరికిన రోజు రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నా."

ప్రవల్లిక కోపం సగం చల్లారింది. మిగిలిన సగంతోనే అంది:

"ముక్కూ మొహం తెలియనివాడి చేతిగుర్తు పోయిందని ఏడుస్తున్నారు. ఆ కలువ కింద ఆకు చూశారా? మిగతావన్నీ తీరుగా ఉన్నాయి. అదొక్కటే వంకర."

ప్రేమ్‌చంద్ వంగి చూశాడు.

"అది పెయింటరు వేసింది కాదు. మీ నాన్న ఆ ఎండలో రోజూ వెళ్ళి స్టూలు మీద కూర్చుంటే, ఓ ఆకు మీరూ వెయ్యండని అతను బ్రష్షు చేతికిచ్చాడట. చెయ్యి వణికిందట. 'వాడికి చెప్పకమ్మా, నవ్వుతాడు' అన్నారు నిన్న."

ప్రేమ్‌చంద్ ఆ ఆకుని ముట్టుకోబోయి ఆగాడు. తరవాత చెప్పుల్లేకుండానే గేటు వైపు పరిగెత్తాడు. నూజివీడు బస్టాండుకి వెళ్ళే ఆటో అప్పటికే ఆగి ఉంది. వీరరాఘవయ్య ఒక కాలు లోపల పెట్టాడు.

"నాన్నా, దిగండి. డోరు బిగించాలి. ఒక్కడి వల్ల కాదు, ఇంకొకరు పట్టుకోవాలి."

"పట్టుకోడానికి నేనెవర్నిరా?"

ప్రేమ్‌చంద్ తండ్రి చేతిలోని సంచి లాక్కుని, దాన్ని గుండెకి అదుముకుని, ఆటోవాడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. వీరరాఘవయ్య మెల్లగా కాలు కిందకి దించాడు.

"ఊరుకోరా, వెధవా. పుట్టినరోజు పూట" అంటూ పైకండువాతో కొడుకు మొహం తుడిచాడు. "నేను చేసిన తప్పేంటో తెలిసేలా చెప్పు."

నడుస్తూ చెప్పాడు ప్రేమ్‌చంద్. ఆ మాటల్లో కలెక్టరు మామిడి చెట్లన్నీ దాటేశారు. అంతా విన్నాక పెద్దాయన నొచ్చుకుంటూ తల ఊపాడు.

"మామిడికాయ మీద తెల్లగా ఉండే బూడిద తుడవొద్దని కూలీలని తిట్టి చంపేవాణ్ణి. పండుకి ఆ పొరేరా అందం. నేనూ ఆ పనే చేశానన్నమాట."

షెడ్డులో తండ్రి ఒక పక్క, కొడుకు ఒక పక్క డోరు ఎత్తి పట్టారు. ప్రవల్లిక బోల్టులు అందించింది. బిగించడం అయ్యాక వీరరాఘవయ్య కొంచెం వెనక్కి జరిగి, ఎర్రగా తుప్పు పట్టిన కారునీ, పచ్చటి డోరునీ మార్చి మార్చి చూశాడు.

"మరీ జాతరబండిలా ఉందిరా. ఆ పెయింటరుకి చెప్పి మొత్తం గీకించేస్తాలే."

"వద్దు నాన్నా" అన్నాడు ప్రేమ్‌చంద్ గభాలున డోరుకి అడ్డం నిలబడి. "గీకితే ఆకు పోతుంది."

వీరరాఘవయ్య కోడలి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. "చెప్పేశావూ!" అన్నాడాయన, కన్నీళ్ళలోంచి నవ్వుతూ.