కుడివైపు జేబు

ఎవరో మళ్లీ బావగారిని ఎడమకి తిప్పారు.

ల్యాబ్ గుమ్మంలోనే లవంగం కాళ్లు ఆగిపోయాయి. కిటికీ పక్క బల్ల ఆమెది. దాని మీద స్టీలు కడ్డీకి బిగించిన బొమ్మ తల కూడా ఆమెదే. రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్లు, ఎప్పుడూ తెరిచే ఉండే నోరు. డెంటల్ కాలేజీలో చేరినవాళ్లంతా మనుషుల నోళ్ల జోలికి పోకముందు ఈ బొమ్మల నోళ్లలోనే పని నేర్చుకుంటారు. ఎంత తవ్వినా కిక్కురుమనవు కాబట్టి, వాటికి బావగారు అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ బావగారి మొహం అవతలి పక్కకి తిరిగి ఉంది. డ్రిల్లు గొట్టం, దీపం, పరికరాల ట్రే, స్టూలు, అన్నీ కుడివైపు నుంచి ఎడమవైపుకి వెళ్లాయి. అద్దంలో చూసినట్టుంది.

లవంగం పరుగున వెళ్లి ఒక్కొక్కటీ వెనక్కి లాగింది.

"ఏమే, పొద్దున్నే బావగారితో కుస్తీనా?" అంటూ పక్కబల్ల అమ్మాయి వచ్చింది. ఆమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా వినిపిస్తుంది. అందుకే ఆమె పేరు రేడియో. ఇంట్లో నాన్న ఒక్కడే పిలిచే 'లవంగం' అన్న పేరు కాలేజీకి పాకింది కూడా ఆమె వల్లే.

"దీపం వదులైంది. బిగిస్తున్నా."

"నిన్నా అదే చెప్పావ్. శుక్రవారం టెస్టు పెట్టుకుని దీపాలు బిగించుకుంటూ కూర్చో."

శుక్రవారం. ఆ కాలేజీలో మార్కులు వస్తే సరిపోదు. టీకాలు వేయించుకున్నట్టు రుజువు చూపాలి, కళ్ల పరీక్ష కావాలి, పరికరాల పెట్టె కొనుక్కోవాలి. అవన్నీ అయినా అడ్మిషను తాత్కాలికమే. చేతిపని టెస్టు నెగ్గితేనే సీటు ఖాయం. మొదటిసారి లవంగం డ్రిల్లు జారి పక్క పన్నుకి గాటు పడింది. ఇంకొక్కటే అవకాశం. ఇది కూడా పోతే ఇంటికే.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. మొన్న బల్ల అలా తిరిగి ఉన్నప్పుడు, ఎవరూ లేరు కదా అని ఆమె అటు కూర్చుని డ్రిల్లు ఎడమచేత్తో పట్టుకుంది. పన్ను వెన్నలా తెగింది. అంచులు గీసినట్టు వచ్చాయి.

ఆమెది ఎడమచేతివాటం. ఆ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరికో తెలిసిపోయింది.

*

లాకరు తాళం పోయినా, హాస్టల్ గది మారాలన్నా, మనసు బాగాలేక కౌన్సెలర్ని కలవాలన్నా వెళ్లాల్సింది ఒకే కిటికీకి. పైన స్టూడెంట్ సర్వీసెస్ అని రాసి ఉంటుంది. వెనక కూర్చునే యువకుడు పీజీ చదువుతూ పొద్దుటిపూట అక్కడ పనిచేస్తాడు. కాలేజీ మొత్తానికి అతను హెల్ప్‌డెస్క్. ఫోన్లలో కూడా అదే పేరు.

"నా బల్లని ఎవరో కదుపుతున్నారు," అంది లవంగం.

"కూర్చోండి డాక్టరుగారూ."

"ఇంకా కాలేదు. అయ్యేలా కూడా లేను."

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. అన్నీ ఉన్నాయి. అవతలి పక్కన ఉన్నాయి."

"అయితే దొంగ కాదు. సర్దే మనిషి."

"నవ్వకండి."

"నవ్వలేదండీ. నా మొహమే అంత."

ఆమెకి నవ్వొచ్చింది. బలవంతాన మింగేసింది. "ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గర."

"ఇంకా?"

"నా దగ్గరే."

"అయితే మీరే పట్టుకోవాలి."

"చూస్తాను." అతను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "ఈలోగా ఒక్క మాట. చదువుకి ఏ ఇబ్బంది ఉన్నా, ఏ సదుపాయం కావాలన్నా ఇక్కడ అడగొచ్చు. అయితే అడగాల్సింది మీరే. మీకిది కావాలేమో అని మేం ముందుగా అనకూడదు. రూలు."

"నాకేం కావాలి?"

"అది మీరే చెప్పాలి."

అతని చూపు ఒక్క క్షణం ఆమె చేతుల మీద ఆగింది. లవంగం రెండు చేతులూ కిటికీ కిందికి దించేసింది.

*

మర్నాడు ఆమె అందరికంటే ముందు వచ్చింది. ల్యాబ్ తలుపు అద్దంలోంచి చూసింది. తన బల్ల పక్కన ఎవరో మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తున్నారు. స్టూలు అప్పటికే ఎడమవైపు ఉంది.

తలుపు తోసింది.

"లేవండి."

హెల్ప్‌డెస్క్ లేచాడు. "ఇవాళ తొందరగా వచ్చారే."

"వేళ్లు చూపించండి."

చూపించాడు. వేళ్ల కొసలన్నీ నీలంగా ఉన్నాయి. సుద్ద. స్టూలు ఎక్కడ వేయాలో నేల మీద గుర్తు పెట్టి, పని అయ్యాక చెరిపేస్తున్నారన్నమాట.

"మీరేనా?"

అతను ఒకసారి వెనక తలుపు వైపు చూశాడు. అది అప్పుడే మూసుకుంది, గొళ్లెం ఇంకా ఊగుతోంది. లవంగం అది చూడలేదు.

"నేనే."

"మీకెలా తెలుసు?"

"అడ్మిషన్ రోజున మీకు పెన్నిచ్చింది నేనే. ఎడమచేత్తో అందుకుని, గబుక్కున కుడిచేతికి మార్చారు. దొంగసొత్తు దాచినట్టు."

"ఇన్నాళ్లు గుర్తుపెట్టుకున్నారా?"

"పెన్ను తిరిగివ్వలేదు కదా మీరు."

వేరే రోజైతే ఆమె నవ్వేదే. ఇవాళ స్టూలుని కుడివైపుకి ఈడ్చింది. "సాయం చేశాననుకుంటున్నారు కదూ. ఏ చేత్తో పని చేస్తావని ఆ రోజు మీరే అడిగారు. కుడి అని చెప్పాం. అబద్ధం చెప్పి చేరిందని ల్యాబ్ మేడమ్ సీటు తీసేస్తే?"

"అలాంటి రూలు లేదండీ."

"మీకు రూళ్లన్నీ తెలుసు. మనుషులే తెలియరు."

విసురుగా వెళ్లిపోయింది. అతను సుద్ద చేతులతో అక్కడే నిలబడిపోయాడు. బావగారు ఒక్కడే నోరు తెరుచుకుని చూశాడు.

*

ఆ రోజు 'కుడి' అన్నది నిజానికి లవంగం కాదు. పక్కనే నిలబడ్డ నాన్న.

నాన్న దర్జీ. ముందు గదే కొట్టు. కాలేజీ విద్యార్థుల తెల్లకోట్లన్నీ ఆయనే కుడతాడు, ఆయనే తెచ్చి ల్యాబ్ కొక్కేలకి తగిలిస్తాడు. లవంగం చిన్నప్పుడు మిషను కింద కూర్చుని ఎడమచేత్తో కత్తెర పట్టుకునేది. కుడిచేతి కత్తెర ఎడమచేతిలో గుడ్డని కోయదు, నములుతుంది. నాన్న కోప్పడలేదు, కొట్టలేదు. కత్తెర తీసి మెల్లగా కుడిచేతిలో పెట్టేవాడు. "మన పనికి ఇదే చెయ్యి తల్లీ." తర్వాత పలకబలపం. తర్వాత గరిటె. అలా ఆ చెయ్యి ఇంట్లో మాట్లాడకూడని విషయమైపోయింది.

గురువారం సాయంత్రం ఆయన కాగితంలో చుట్టిన కొత్తకోటు ఆమె ఒడిలో పెట్టాడు.

"రేపు ఇది వేసుకో. పాతది చంకల దగ్గర పట్టేస్తోంది. చెయ్యి బాగా ఆడాలి కదా."

"చేతిదేముంది నాన్నా. రాసిపెట్టి ఉంటే వస్తుంది."

ఆయన గుండుసూదులు నోట్లో పెట్టుకుని మిషను వైపు తిరిగాడు.

*

శుక్రవారం వాన. కాలేజీ వసారాలోకి జల్లు అడిగి మరీ లోపలికి వస్తున్నట్టు ఉంది. విద్యార్థులంతా గోడకి అతుక్కుని నిలబడ్డారు.

లవంగం కాగితం విప్పి కోటు తొడుక్కుంది. పెన్ను జేబులో పెట్టబోయింది. వేళ్లు ఛాతీ మీద ఎడమవైపు తడిమాయి. జేబు లేదు.

కిందికి చూసింది. జేబు కుడివైపు ఉంది.

ఒక్క పోగు అటూ ఇటూ అయినా కాజా విప్పి మళ్లీ కుట్టే మనిషి ఆయన. జేబు తప్పు వైపు కుడతాడా? ఆమె పెన్నుని ఎడమచేతిలోకి తీసుకుంది. చెయ్యి దానంతట అదే అడ్డంగా వెళ్లి ఆ జేబులో పెన్ను దించింది.

కుడిచేతివాళ్లకి జేబు ఎడమవైపు ఉంటుంది. ఇది ఎడమచేతి కోటు.

జేబు మూల ఇంకా చెరగని చిన్న గుర్తు ఉంది. నీలం సుద్ద.

వానలో అడ్డంపడి స్టూడెంట్ సర్వీసెస్ కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"ఆ సుద్ద మీకెక్కడిది?"

హెల్ప్‌డెస్క్ తలెత్తాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్న ఆమెని చూసి, ముందు టిష్యూ డబ్బా ముందుకి జరిపాడు. "ల్యాబ్‌లో దొరికింది."

"ల్యాబ్‌లో ఉండేది తెల్ల ప్లాస్టరు. నీలం సుద్ద బట్ట మీద గీసేది. మీకు అబద్ధం ఆడటం రాదు."

"ప్రాక్టీసు లేదండీ."

"కోట్లు తెచ్చే మనిషికి మీరు తలుపు తీశారు. ఆయన చేసింది మీ నెత్తిన వేసుకున్నారు. ఎందుకు?"

"మీరు మొదటిసారి టెస్టు పోగొట్టుకున్న రోజు ఆయన తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయారు. మీ కుడిచెయ్యి వణకడం చూశారు. మీకు చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నేను చెప్పడానికి రూలు లేదు."

"కానీ నన్ను తిట్టనిచ్చారు."

"టెస్టు ముందు ఇంట్లో మనిషి మీద కోపం వస్తే చెయ్యి నిలవదు. నా మీదైతే ఫరవాలేదనుకున్నాను. మీ కోపానికి నేను అలవాటు పడిపోగలను."

"ఎన్నాళ్లలో?"

"మీరు ఒప్పుకుంటే, చాలా ఏళ్లు పట్టేలా చూసుకుంటాను."

లవంగం చెవులు ఎర్రబడ్డాయి. టిష్యూతో మొహం తుడుచుకునే వంకతో కాస్త దాచుకుంది. "ఇన్నాళ్లు ఎదురుగా కూర్చుని ఈ ముక్క చెప్పలేదంటే, మీకూ ఆ బావగారికీ తేడా ఏంటి?"

"పిలుపొక్కటే. అది కూడా మీ చేతిలోనే ఉంది."

"ఏ చేతిలో?"

"మీకు ఏది వాటమైతే ఆ చేతిలో."

ఆమె కిటికీ మీద రెండు చేతులూ పెట్టింది. ఈసారి దాచలేదు.

"నాకొక సదుపాయం కావాలి. నాది ఎడమచేతివాటం."

అతను అప్పటికే తాళాలతో లేచాడు. "మూలన ముసుగేసి ఉన్న యూనిట్ ఎడమచేతివాళ్ల కోసమే కొన్నారు. ఇన్నేళ్లలో అడిగినవాళ్లే లేరు."

*

ల్యాబ్ మేడమ్ కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చూసింది. "చేరేటప్పుడు కుడి అన్నారు."

"అన్నాం మేడమ్."

"ఇప్పుడు మారిందా?"

"మారలేదు. మొదట్నుంచీ ఇదే."

మేడమ్ కొత్తగా ముసుగు తీసిన యూనిట్‌నీ, పక్కనే బిగుసుకుని నిలబడ్డ హెల్ప్‌డెస్క్‌నీ చూసింది. "సరే. కూర్చో."

డ్రిల్లు సన్నగా కూసింది. లవంగం ఉంగరపు వేలు పక్క పన్ను మీద ఆనించింది. చెయ్యి వణకలేదు. ఎన్నో ఏళ్లు గదిలో పెట్టి తాళం వేసిన పిల్లని బయటికి వదిలితే ఎలా ఉంటుందో, ఆ చెయ్యి అలా ఉంది. తొందర లేదు, ఎక్కడా తడబాటు లేదు. చుట్టూ వాన చప్పుడు కూడా ఆమెకి వినిపించలేదు.

మేడమ్ వంగి, కొక్కెం పుల్లతో అంచులు తడిమింది. లోతు చూసింది. పక్క పళ్లు చూసింది. మళ్లీ చూసింది.

"సీటు నీదే."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రేడియో. మేడమ్ చెయ్యెత్తింది.

"ఇంకో సంగతి తేలాలి. ఈ అమ్మాయి బల్లని ఎవరో రోజూ కదుపుతున్నారని నాకు తెలిసింది." అందరూ రేడియో వైపు చూశారు. రేడియో కప్పు వైపు చూసింది. "ల్యాబ్ తాళాలు ఒక్కడి దగ్గరే ఉంటాయి. ఏమయ్యా?"

"నేనే మేడమ్," అన్నాడు హెల్ప్‌డెస్క్, ఏమాత్రం తడుముకోకుండా. ప్రాక్టీసు బాగానే అయినట్టుంది.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నాన్న. చేతుల మీద కొత్తగా కుట్టి మడిచిన కోట్ల దొంతర, మెడలో కొలతల టేపు, భుజాల మీద వాన చినుకులు. కూతురు ఎటు కూర్చుని ఉందో చూశాడు. ఆమె ఏ చేతిలో డ్రిల్లు ఉందో చూశాడు. తర్వాత ఆయన చూపు తన తప్పు నెత్తిన వేసుకున్న కుర్రాడి మీదికి వెళ్లింది. ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా నిదానంగా నడిచింది, టేపు లేకుండానే కొలుస్తున్నట్టు. ఆ కొలత ఆయనకి నచ్చినట్టే ఉంది.

లవంగం డ్రిల్లు పక్కన పెట్టి లేచింది. నడిచి వెళ్లి కోట్ల దొంతరని కుడిచేత్తో తీసుకుని బల్ల మీద పెట్టింది. ఎడమచేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి.

"ఈయన తలుపు తీశారంతే మేడమ్. పైగా ఈయనకి అబద్ధం ఆడటం రాదు, నేర్చుకోనివ్వను కూడా."

హెల్ప్‌డెస్క్ తల వంచుకుని నవ్వాడు. ఈసారి ఆ నవ్వుని మొహం మీదికి నెట్టలేదు.

"మరి చేసిందెవరు?" అంది మేడమ్.

లవంగం ఆ చేతిని అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"మా నాన్న."