గొంతులేని సాయంత్రాలు

పొయ్యి మీంచి ఇడ్లీపాత్ర దించేసరికే శాంతకుమారికి ఒంట్లో సగం సత్తువ అయిపోతుంది. మిగతా సగాన్ని పొద్దుగూకేదాకా పొదుపుగా వాడుకోవాలి. ఆ రోజూ అంతే. డిసెంబరు మంచు భవానీపురం మీంచి ఇంకా విడలేదు. పప్పు ఉడుకుతోందా లేదా అని ఒక కన్ను అటు వేసి, కూతురి రెండో జడకి రిబ్బను కడుతోంది.

"ఆదివారం కంకిపాడు వెళ్ళొద్దాం," అన్నాడు పూర్ణచంద్రరావు పేపరు మడుస్తూ. "హాస్టలు ఓసారి కళ్ళతో చూసుకుంటే పనైపోతుంది. ఎనిమిదిలో సీట్లు ఇప్పట్నుంచే నిండిపోతున్నాయిట."

కంకిపాడు దారిలో కొత్తగా పెట్టిన రెసిడెన్షియల్ స్కూలది. పూర్ణచంద్రరావు పనిచేసే ఇరిగేషన్ ఆఫీసులో ఎవరి పిల్లల సంగతి అడిగినా ఏదో ఒక హాస్టల్ పేరే చెబుతారు. అనఘ ఇప్పుడు ఏడో తరగతి. మార్చిలో కామన్ పరీక్ష అయిపోతే జూన్లో పెట్టె సర్దడమేనని అమ్మా నాన్నా ఎప్పుడో అనుకున్నారు. అనఘని మాత్రం అడగలేదు. బాగా చదివే పిల్లని అడగాల్సిందేముందిలే అనుకున్నారు కాబోలు.

"అమ్మా, నేనొకటి చెప్పనా?" అంది అనఘ.

"సాయంత్రం చెబుదువుగానీ. తల తిప్పకు, రిబ్బను జారిపోతోంది."

సాయంత్రం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

శాంతకుమారి పాఠాలు చెప్పే బడిలోనే అనఘ చదువుతోంది. గేటు దాటి లోపలికి అడుగుపెడితే 'అమ్మా' అనకూడదు, అందరి పిల్లల్లాగే 'టీచర్' అనాలి. కన్నకూతురు కాబట్టి మార్కులు వేయించుకుందన్న మాట పడకూడదని శాంతకుమారే పెట్టిన నియమం. అందుకే అనఘ సెక్షన్‌కి లెక్కలు కూడా రామతులసి టీచర్ చేత చెప్పించమని అడిగి మరీ తప్పుకుంది.

క్రితం ఏడాది హెడ్మిస్ట్రెస్ సుబ్బరత్నంగారు 'సాయంకాలం గంట' అని ఒకటి మొదలుపెట్టారు. ఆరు, ఏడు తరగతుల్లో ఏ సబ్జెక్టులోనైనా ముప్పై అయిదు రానివాళ్ళు బడి వదిలాక కూర్చోవాలి. శనివారం మధ్యాహ్నం వాళ్ళ అమ్మానాన్నలూ వచ్చి పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చోవాలి. ఈ రెండు పనులూ శాంతకుమారికే అప్పజెప్పారు. ఆవిడకి ఓపిక ఎక్కువని పేరు. ఒకసారి పేరొచ్చాక ఒంట్లో ఓపిక లేకపోయినా చూపించక తప్పదు కదా.

ఆవిడ చూపించేది కూడా. పిల్లల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, లెక్క ఎక్కడ తప్పిందనే దానికన్నా ముందు పిల్ల ఎక్కడ బెదిరిందో కనుక్కునేది. పెద్దవాళ్ళని మాత్రం ఒకటే అడిగేది. చదువు సంగతి కాకుండా మీ పిల్ల ఈ వారం మీతో ఏం మాట్లాడింది అని. చాలామంది తల దించుకునేవాళ్ళు. అప్పుడు శాంతకుమారి గొంతు ఇంకా మెత్తబడేది.

ఇంటికొచ్చేసరికి ఆ గొంతు మిగిలేది కాదు. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు పుక్కిలించి, మెడకి శాలువా చుట్టుకున్నాక ఇక ఆ పూటకి అన్నీ సైగలే. రెండు వేళ్ళు చూపిస్తే కంచాలు పెట్టమని అర్థం. అరచెయ్యి ఎత్తితే ఇప్పుడు కాదు, తర్వాత అని. ఆ ఇంట్లో అరచెయ్యే ఎక్కువగా లేచేది.

ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో రామతులసి పక్కకి పిలిచింది. హాఫ్ ఇయర్లీ లెక్కల పేపర్లు దిద్దడం అయిపోయిందని, ఎలా చెప్పాలో తెలియక పొద్దుట్నుంచీ తటపటాయిస్తున్నానని అంది. అనఘకి వందకి ఇరవై రెండు. పేపరు సగానికి పైగా తెల్లగా వదిలేసింది. శాంతకుమారి చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగింది. ఆ తర్వాత చెప్పిన పాఠం ఏమిటో ఆవిడకే గుర్తులేదు.

ఆ సాయంత్రం వేణ్ణీళ్ళు పెట్టుకునే వేళ కూడా లేకపోయింది. విన్న దగ్గర్నుంచీ పూర్ణచంద్రరావు హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. మార్కులు చూస్తే హాస్టల్ వాళ్ళు గేటు దగ్గర్నుంచే పంపించేస్తారని, ఆఫీసులో తలెత్తుకోలేనని మొదలుపెట్టి, చివరికి భార్య దగ్గరికొచ్చి ఆగాడు.

"ఊళ్ళో వాళ్ళ పిల్లల్నందర్నీ బాగుచేస్తున్నావు. నీ పిల్ల ఏమైపోతోందో చూశావా?"

"నాకు గొంతు లేనప్పుడు మీరు ఇంట్లోనేగా ఉంటారు," అంది శాంతకుమారి బొంగురు గొంతుతో. "అయిదున్నరకే వస్తారు. మీరేం చూశారు?"

టీవీలో వార్తలు నడుస్తున్నాయి, ఎవరూ వినడంలేదు. అనఘ గోడకి ఆనుకుని, గౌను అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఎందుకిలా చేశావని ఇద్దరూ మార్చి మార్చి అడిగినా నోరు విప్పలేదు.

తెల్లవారుజామునే కూతుర్ని లేపి కూర్చోబెట్టింది శాంతకుమారి. బారువడ్డీ, వైశాల్యాలు, సమీకరణాలు, ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చింది. అనఘ ఒక్కటి తప్పలేదు. కొట్టివేతలు కూడా లేవు. అది చూసి సంతోషించాల్సిన తల్లికి ఎక్కడలేని కోపం వచ్చింది. రాని పిల్లకి నేర్పించడం ఆవిడకి తెలుసు. వచ్చి కూడా రాయని పిల్లని ఏం చెయ్యాలో తెలియలేదు. చెయ్యి ఎప్పుడు లేచిందో ఏమో, అనఘ చెంప మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లని కొట్టడం అదే మొదలు. అనఘ ఏడవలేదు. జడలు తనే వేసుకుని బడికి వెళ్ళిపోయింది.

శనివారం వచ్చింది. తన కూతురి సంగతి ఇంట్లోనే చూసుకుంటానని శాంతకుమారి అడిగి చూసింది. సుబ్బరత్నంగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చేపలమ్ముకునే పేరమ్మే గంప దించి వచ్చి కూతురి పక్కన కూర్చుంటోందనీ, పూర్ణచంద్రరావుగారు కూడా వచ్చి కూర్చోవచ్చనీ అన్నారు. ఈ పూటకి శాంతకుమారి కుర్చీలో తను ఉంటానన్నారు.

అలా శాంతకుమారి మొదటిసారి బెంచీకి ఇవతలి పక్కకి వచ్చింది. ఆ బెంచీ అంత ఇరుకని, మోకాళ్ళు పెట్టుకోడానికి కూడా చోటుండదని పెద్దవాళ్ళెవరూ ఆవిడకి చెప్పలేదు. పక్కనే పేరమ్మ, ఆమె కూతురు తిరుమల ఉన్నారు. వాళ్ళ వంతు అప్పుడే అయింది. నది ఒడ్డున ఉంటారు, నాన్న వల వేస్తాడు, అమ్మ గంప మోస్తుంది. పేరమ్మ కొంగు దగ్గరగా లాక్కుని జరిగింది.

"కూకోండి టీచరమ్మగారూ. మేం ఎలతాంలెండి," అని కూతుర్ని తీసుకుని బయటికి నడిచింది. ఏమిటి ఎందుకు అని ఒక్క మాటా అడగలేదు. ఆ అడగకపోవడానికి శాంతకుమారికి కళ్ళు చెమర్చాయి.

సుబ్బరత్నంగారు మార్కుల ఊసు ఎత్తలేదు. "చదువు సంగతి కాకుండా, అనఘ ఈ వారం మీతో ఏం మాట్లాడిందండీ?" అన్నారు.

అది శాంతకుమారి ప్రశ్నే. ఎన్ని శనివారాలు ఎంతమందిని అడిగిందో. పూర్ణచంద్రరావు భార్య వైపు చూశాడు. ఆవిడ వెతుక్కుంది. సోమవారం, మంగళవారం, బుధవారం. ఎక్కడ వెతికినా తన అరచెయ్యే కనిపించింది. శాంతకుమారి తల దించుకుంది.

"నువ్వు చెప్పమ్మా. లెక్కలు వచ్చి కూడా ఎందుకు వదిలేశావు?"

అనఘ చాలాసేపు బెంచీ మీది సిరా మరకని గోటితో గీకింది. "ముప్పై అయిదు లోపు వస్తేనే కదండీ, సాయంత్రం టీచర్ దగ్గర కూర్చోనిస్తారు," అంది.

"ఏ టీచర్ దగ్గర?"

"అమ్మ దగ్గర."

అనఘ మాటలు కూడగట్టుకుంటూ చెప్పింది. రోజూ బడి వదిలాక వరండాలో కూర్చుని కిటికీలోంచి చూస్తుందిట. తిరుమల వాళ్ళ పిల్లి పిల్లల్ని పెట్టిన సంగతి కూడా టీచర్ మొత్తం వింటారుట, ఎన్ని పిల్లలు, ఏ రంగువి అని అడుగుతారుట.

"ఇంటికెళ్ళాక అమ్మకి గొంతుండదండీ. నేనేదైనా చెప్పబోతే చెయ్యి చూపిస్తుంది. అమ్మకి నొప్పి కదా అని ఊరుకుంటాను. నాకు హాస్టల్‌కి వెళ్ళాలని లేదండీ. చాలా రోజుల్నుంచీ చెబుదామనుకుంటున్నాను. ఈ క్లాసులో అయితే వింటారు కదా అని..."

ఆపైన చెప్పలేకపోయింది. చెంపదెబ్బకి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. శాంతకుమారి కూతుర్ని దగ్గరికి లాక్కుని, తను పెట్టిన నియమం తనే మరిచిపోయి, ఆ బడి బెంచీ మీదే 'అమ్మా, నా తల్లీ' అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. పూర్ణచంద్రరావు జేబురుమాలు తీశాడు. ఎవరికివ్వాలో తెలియక తన కళ్ళే తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి శాంతకుమారికి నిజంగానే గొంతు పూడుకుపోయింది. అలవాటుగా వేణ్ణీళ్ళు పెట్టింది, ఉప్పు వేసింది. వంటింటి గుమ్మంలో అనఘ నిలబడి ఉంది, అరచెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ. శాంతకుమారి చెయ్యి ఎత్తలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుని, పక్కన నేల మీద రెండుసార్లు తట్టింది.

అనఘ వచ్చి కూర్చుంది. మొదట మెల్లగా, తర్వాత గలగలా మాట్లాడింది. హాస్టల్లో రాత్రిళ్ళు భయమేస్తుందని చెప్పింది. రామతులసి టీచర్ తనని గట్టిగా ఒక్క మాటైనా అనలేదని, అందుకే ఇంకా బాధేసిందని చెప్పింది. తిరుమల తనకో పిల్లికూనని ఇస్తానందనీ, ఇంట్లో అడగడానికి భయపడ్డాననీ చెప్పింది. శాంతకుమారి వింటూనే ఉంది. వినడానికి గొంతుతో పనిలేదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తనకి తోచలేదేమిటా అనుకుంది. వేణ్ణీళ్ళు చల్లారిపోయాయి. ఆవిడ వాటి జోలికి పోలేదు.

హాల్లో టీవీ ఆగిపోయింది. పూర్ణచంద్రరావు వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.

"శాంతా, రేపు కంకిపాడు ప్రయాణం ఏం చేద్దాం మరి?"

శాంతకుమారి చెయ్యి ఎత్తింది. అనఘ మాట మధ్యలోనే ఆగిపోయింది. కానీ ఈసారి అరచెయ్యి కాదు. అమ్మ చూపుడువేలు తనవైపు తిరిగి ఉంది, దాన్నడగండి అన్నట్టు.

పూర్ణచంద్రరావు పంచె సర్దుకుని కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"చెప్పమ్మా," అన్నాడు.