సరస్సు బొమ్మ స్టాంపు

"సాయంత్రానికి వాసు శవమవుతాడు," అన్నాడు చీఫ్ నరసింహమూర్తి.

మద్దిలపాలెంలో కొరియర్ బోర్డు వెనక ఉన్న ఆఫీసు అది. ఏజెంట్ గురునాథరావు కూర్చోలేదు.

వాసు వాళ్ళ మనిషే. నేవీ రహస్యాలు కొనే విదేశీ ముఠాలో వంటవాడిగా చేరి, వాళ్ళ ట్రాలర్‌లో నడిసముద్రంలో ఉన్నాడు. అతని ఫోటో, అసలు పేరు ఎవరో బయటపెట్టారు. వాటిని ట్రాలర్‌కి చేర్చడానికి, ఫోన్లకు భయపడి ఒడ్డునున్న ముఠా పాత పద్ధతికి దిగింది. రెండిటినీ ఆవగింజంత ఫిల్ము చుక్కగా, మైక్రోడాట్‌గా కుదించి విదేశీ కవరు మీది స్టాంపు కింద దాచింది.

"స్టాంపు మీద పాతకాలపు విడిది ఊరు. సరస్సు, తెల్ల బంగళాలు, పొగ స్టీమరు. కవరు మధులత దగ్గరుంది. మనకిస్తానంటోంది."

"ఆవిడ వాళ్ళకీ పనిచేస్తుంది."

"అందుకే ఆవిడ దగ్గరుంది. వాసుకి కబురు పెట్టే దారి లేదు. డాట్ ఆ ట్రాలర్ ఎక్కిందా, అంతే."

బీచ్‌రోడ్డు హోటల్లోకి గురునాథరావు రిటైరైన స్టీల్‌ప్లాంట్ ఫోర్‌మన్ వేషంలో వెళ్ళాడు. నల్లకళ్ళద్దాల మధులత బ్లాక్ కాఫీ తాగుతోంది.

"సరస్సు దగ్గర చలి ఎలా ఉంది?" అని గుర్తుమాట అడిగాడు.

"స్టీమరు లేటు." కవరు అందించింది. "మీరు నవ్వితే చూడాలనుంది."

"చూసినావిడ పోయింది."

కవరు తెచ్చి కారులో చలమయ్య చేతికిచ్చాడు. చలమయ్య డిపార్ట్‌మెంట్ డ్రైవరు. అంతకన్నా ముందు బావమరిది, చనిపోయిన జోగమ్మకి తమ్ముడు. ఒళ్ళో క్యారియర్ విప్పుకుని తింటున్నాడు.

"నాను సూసుకుంటాను. నువ్వూ ఓ ముద్ద తినరాదేటి బావా?"

గురునాథరావు కారు తలుపు వేశాడు. ముఠా కంటపడకుండా మధులతని బయటికి తేవడానికి మళ్ళీ లోపలికెళ్ళాడు. ఇద్దరూ వచ్చేసరికి సీటు మీద కవరుంది. చలమయ్య లేడు.

"జాలరిపేటలో సేపలు కొనీసి వత్తానని ఎలిపోనాడండి," అన్నాడు వాచ్‌మన్.

గురునాథరావు గోటితో స్టాంపు లేపాడు. పెన్నులో దాచిన లెన్స్ పెట్టి చూశాడు. డాట్ లేదు.

పిస్టల్ మధులత పక్కటెముకలకి తగిలింది.

"ఏదీ?"

"నేనిచ్చినప్పుడు ఉంది!"

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. రెండో చేతి బొటనవేలికి స్టాంపు వెనక ఏదో తడిగా, పలుకుగా తగిలింది. చూశాడు. నలిగిన అన్నం మెతుకు.

"నేను అన్నం మానేసి ఏడేళ్ళు," అంది మధులత, పాలిపోయిన పెదాలతో.

పిస్టల్ దిగింది. మెతుకుతో కవర్లంటించడం జోగమ్మ పుట్టింటి అలవాటు. ఆ ఇంటి నుంచి ఆయనకు మిగిలిన మనిషి ఒక్కడే.

జాలరిపేట ఒడ్డున పడవను నీళ్ళలోకి తోస్తున్నారు. నడుంలోతు నీళ్ళలో చలమయ్య. పడవవాడికి అగ్గిపెట్టె అందిస్తున్నాడు. మధ్యలో బుట్టలతో ఆడవాళ్ళు. కాల్చడానికి లేదు. గురునాథరావు పరిగెత్తాడు. వల కాలికి చుట్టుకుని బోర్లా పడ్డాడు.

"కళ్ళు కనబడవేటి! సేపలన్నీ తొక్కీసినావు!" అని అరిచింది చేపలమ్మే నూకాలు.

లేచాడు. అల తలమీంచి పోయింది. పడవ అంచు జారింది. దొరికింది. ఇంజన్ తాడు లాగబోతున్న పడవవాడి మణికట్టు పట్టి విరిచి అగ్గిపెట్టె లాక్కున్నాడు. పుల్లల కింద నల్లచుక్క.

ఒడ్డుకొచ్చి అందులోని పుల్లే గీశాడు. తడిచేతులకి రెండు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. పెట్టెంతా బూడిదయ్యేదాకా వేళ్ళు కాలుతున్నా వదల్లేదు.

అప్పటికి చీఫ్ పంపిన మనుషులు చలమయ్య చేతులకి బేడీలు వేశారు.

"ఇరవయ్యేళ్ళు నన్ను డ్రైవర్‌గానే ఉంచీసినావు. మా అప్ప మొగం సూసి ఒగ్గీ బావా."

గురునాథరావు జేబులోంచి సరస్సు స్టాంపు తీశాడు. వెనక్కి తిప్పి వాడి కళ్ళముందు పెట్టాడు.

"మీ అప్ప మెతుకుని మెత్తగా మెదిపి రాసేదిరా. పలుకు మిగిల్చేది కాదు."