ముగింపు లేని మెడపట్టీ

ఎసరు మరగని రాజ్యం ఎలా ఉంటుందో మీకు తెలుసా పిల్లలూ? ఉష్ణసేన మహారాజు రాజ్యం ఒక చలికాలమంతా అలాగే ఉంది. పొయ్యి అంటిస్తే మంట లేచేది. తీరా ఎసట్లో బియ్యం పోసేలోగా ఎవరో పీల్చేసినట్లు ఆరిపోయేది. జనం నానబెట్టిన అటుకులు తిన్నారు. మహారాజూ నానబెట్టిన అటుకులే తిన్నాడు, కాకపోతే బంగారు పళ్ళెంలో.

దీనంతటికీ కారణం నిట్రాట గుట్ట మీద ఉండే వణుకాసురుడు. అతడు పుట్టుకతో చెడ్డవాడేమీ కాదు, ఉత్త ఆశపోతు. ఒకనాడు ఒక ముని ఆశ్రమంలో వడియాలు వేగుతున్న వాసనకు ఆగలేక, గోడ మీదినుంచి మెడ చాచి తొంగిచూశాడు. మునికి కోపం వచ్చింది. చాచిన మెడ చాచినట్లే ఉండిపోవాలనీ, దానికి ఎప్పుడూ చలి వేస్తుండాలనీ శపించాడు. మెడ తాటిచెట్టంత సాగింది. చలికి ఓర్చుకోలేనప్పుడల్లా వణుకాసురుడు గట్టిగా ఊపిరి పీల్చేవాడు. ఊళ్ళలోని పొయ్యిల వేడి అంతా ఆ ఊపిరితోపాటు కొండెక్కేది.

ఎవరైనా తమ చేతులతో చేసిన బట్టను మెడ పొడవునా చుడితే చలి శాపం తీరుతుందని ముని చివర్లో ఒక మాట అని వెళ్ళాడు. మహారాజు పట్టుశాలువలు పంపాడు, మేలైన కంబళ్ళు పంపాడు. ఒక్కటీ చాలలేదు. చాలినంత మేర చుట్టినా, వణుకాసురుడు గుటక వేస్తే మెడ ఉబ్బి అవి పటపటా చినిగిపోయేవి. మెడ కప్పినవారికి అర్ధరాజ్యం ఇస్తామనీ, ఆడపిల్ల అయితే యువరాజుతో పెళ్ళి కూడా చేస్తామనీ ఊరూరా దండోరా వేయించారు.

ఆ దండోరా కదురుపల్లికీ వచ్చింది. అక్కడ గొర్రెలు కాచే కురుమల పిల్ల కొమురవ్వ చెవిని అర్ధరాజ్యం మాట పడలేదు. ఆమె కళ్ళు పురిటిగది మీదే ఉన్నాయి. వదిన ప్రసవించింది. కుంపటి నిలవడం లేదు. బిడ్డకు పుట్టినప్పటి నుంచి వేణ్ణీళ్ళ స్నానమే లేదు. దాని పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతుంటే, వదిన బిడ్డను పొట్టకు అదుముకొని కూర్చునేది.

కొమురవ్వ నాయనమ్మను సలహా అడిగింది.

"మన గొంగడి మగ్గం మీద నేసేది బిడ్డా. గుంజితే చినుగుతది గాని సాగదు" అంది నాయనమ్మ. "ఎంత గాలికి ఊగినా, సాగినా చినగనిది గిజిగాని గూడొక్కటే. పోయి ఆ అల్లిక నేర్చుకో. సత్తెయ్యను తోలుకపో, ఉన్నికి కరువుండదు."

సత్తెయ్య వాళ్ళ పొట్టేలు. పిడుగు పడిన రోజు పుట్టింది. అందుకేనేమో దానికో వింత గుణం ఉండేది. చెవిన అబద్ధం పడితే చాలు, ఒళ్ళంతా జానెడు ఉన్ని మొలిచేది. ఒకసారి పెళ్ళిళ్ళ పేరయ్య ఆ ఇంట్లో కూర్చొని ఒక పెళ్ళికొడుకు గుణగణాలు చెప్పాడు. ఆయన మజ్జిగ కూడా తాగకముందే సత్తెయ్య గుమ్మంలో పట్టనంత లావైంది. ఆ తర్వాత ఊరి పెద్దలు ఏదైనా మాట్లాడుకోవాలంటే అది ఎక్కడ మేస్తోందో చూసుకొని మరీ మాట్లాడేవారు.

కొమురవ్వ కదురూ కత్తెరా నడుముకు దోపుకొని పొట్టేలుతో అడవి దారి పట్టింది. మొదట ఎదురైంది ఏదుపంది. బాటకు అడ్డంగా నిలబడి, అడిగినదానికి జవాబు చెబితేగాని కదలనంది.

"నన్ను చూస్తే ఎట్లున్న? మెత్తగ, ముద్దుగ ఉన్ననా?"

కొమురవ్వ సత్తెయ్య వైపు ఒకసారి చూసి, ముచ్చటకు కూడా అబద్ధం ఆడి లాభం లేదనుకుంది.

"మెత్తగైతే లేవక్కా. నిన్ను ముట్టుకుంటే చెయ్యి జల్లెడై పోతది. గాని ఇంత నున్నటి ముళ్ళు నేనెక్కడా చూడలే."

సత్తెయ్య గుణం సంగతి అడవిదాకా పాకినట్లుంది. ఏదుపంది పొట్టేలును అటు తిరిగీ ఇటు తిరిగీ పరీక్షించింది. వెంట్రుక కూడా పెరగలేదు. "ఇన్నాళ్ళకు ఒక్కరు నిజం చెప్పిండ్రు" అని మురిసిపోయి, రెండు పొడవాటి ముళ్ళు రాల్చి ఇచ్చింది.

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు దగ్గర గిజిగాడు దొరికాడు. పసుపుపచ్చని తలపాగా చుట్టినట్లున్న తలతో, కొమ్మ మీద అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. అల్లిక నేర్పమని అడగగానే అతడు రొమ్ము విరిచాడు. దేవేంద్రుడి ఉయ్యాల అల్లింది తానేనన్నాడు. సాలెపురుగులకు తానే గురువునన్నాడు. సత్తెయ్య ఒంటి మీద ఉన్ని బుసబుసా పొంగింది. కొమురవ్వ దాన్ని కత్తిరించుకొని, కదురు మీద వడకడం మొదలుపెట్టింది. ఇలాంటి గురువు దొరకడం అదృష్టమే అనుకుంది.

వడికిన దారాన్ని ముల్లు మీద ఉచ్చులు ఉచ్చులుగా ఎక్కించడం, ఒక్కో ఉచ్చులోంచి కొత్త ఉచ్చును లాగి రెండో ముల్లు మీదికి తేవడం గిజిగాడు ముక్కుతో చేసి చూపించాడు. కొమురవ్వకు ఉచ్చులంటే బోధపడలేదు. తనకు తెలిసిన లెక్కలోకి మార్చుకుంది. ఈ ముల్లు ఒక దొడ్డి, ఆ ముల్లు ఇంకో దొడ్డి. ఈ దొడ్డిలోని గొర్రెలను ఒక్కొక్కటిగా ఆ దొడ్డిలోకి తోలాలి. అంతే కదా.

అంతే అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి వరస ఎంత బిగించిందంటే, ముల్లు దూర్చడానికి నాలుక కొరుక్కోవలసి వచ్చింది. బిగువు వద్దని గిజిగాడు కసిరితే, రెండో వరస ఎంత వదులు చేసిందంటే సత్తెయ్య అందులో తల దూర్చి అవతలి గడ్డి మేసింది. సాయంత్రానికి లెక్క చూసుకుంటే మొదలుపెట్టినప్పటికన్నా గొర్రెలు ఎక్కువున్నాయి. ఎప్పుడు ఈనాయో తెలియదు. పట్టీ ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా చాటలా తయారైంది. మర్నాడు ఒక గొర్రె కనబడలేదు. వెతికితే ఎక్కడో కింది వరసలో జారిపోయి ఉంది. అది జారిన చోట వేలు పట్టేంత బొక్క పడింది.

"తప్పిపోయిన గొర్రెను తోలుకొస్తా" అని ఆమె విప్పబోతే గిజిగాడు అడ్డుపడ్డాడు. విప్పడం మొదలుపెడితే బతుకంతా విప్పడమే అవుతుందన్నాడు. విచిత్రం, ఆ మాటకు సత్తెయ్యకు ఉన్ని మొలవలేదు.

పట్టీ కొమ్మ మీదినుంచి నేలకు తగిలింది. వాగు ఒడ్డుదాకా పాకింది. అప్పుడు కొమురవ్వకు అనుమానం వచ్చింది.

"గురువా, మొదలుపెట్టుడు నేర్పినవు, అల్లుడు నేర్పినవు. మరి ముగించేదెట్ల?"

"ముగించుడా? అది నాకు కొట్టిన పిండి. ఇంకో మూరెడు అల్లు, చెప్త" అన్నాడు గిజిగాడు, మేఘాల వైపు చూస్తూ.

ఆమె వెనక్కి తిరిగింది. సత్తెయ్య కనిపించడం లేదు. అది ఉన్నచోట ఒక ఉన్ని కుప్ప, దాని మీద రెండు కొమ్ములు మాత్రం ఉన్నాయి.

గిజిగాడు దాన్ని చూసి రెక్కలు ముడుచుకున్నాడు. తమ కులంలో మగపిట్ట గూడు సగం అల్లి ఆడపిట్టకు చూపిస్తాడనీ, ఆమె మెచ్చితేనే మిగతా సగం పూర్తిచేస్తాడనీ నెమ్మదిగా చెప్పాడు.

"నాకు ఇప్పటిదాక ముగించే పని పడలేదు, చెల్లే" అన్నాడు.

కొమురవ్వ తలెత్తి చూసింది. చెట్టునిండా సగం సగం గూళ్ళు, బోర్లించిన గిన్నెల్లా గాలికి ఊగుతున్నాయి. ఆమెకు కోపం రాలేదు. "నడువు గురువా, అల్లుకుంట పోదాం. ముగింపు సంగతి గుట్ట మీద చూద్దాం" అంది. గిజిగాడు పొట్టేలు కొమ్ము మీద కూర్చున్నాడు. దారి పొడవునా పాత బడాయిలన్నీ మళ్ళీ చెప్పాడు, ఈసారి ఉన్ని కోసం.

నిట్రాట గుట్ట మీద వణుకాసురుడి మెడ మబ్బుల్లోకి పోయింది. పైనుంచి ఉరుములాంటి గొంతు వినబడింది. "ఎవరది? దగ్గరికొస్తే మింగుత!"

సత్తెయ్యకు జానెడు ఉన్ని మొలిచింది. కొమురవ్వ భయం తీరి దగ్గరికి పోయి, "చలి పెడుతుందా మామా?" అని అడిగింది.

"చలా? నాకా?" అన్నాడు వణుకాసురుడు పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. సత్తెయ్యకు ఇంకో జానెడు మొలిచింది. కొమురవ్వ వెంటనే కూర్చొని ఉన్ని కత్తిరించసాగింది. ఏం చేస్తున్నావని రాక్షసుడు వింతగా అడిగాడు. "నువ్వు అబద్ధమాడినవు గద, అది వడికి నీ మెడకే చుడుత" అంది. వణుకాసురుడు తెల్లబోయి, బుద్ధిగా నేలదాకా తల వంచాడు.

ఆమె అతడి భుజాల నుంచి చుట్టడం మొదలుపెట్టింది. గిజిగాడు చుట్టుచుట్టుకూ మెడ వెనక్కి ఎగిరి కొస అందించాడు. ఎవరి పట్టీ అయినా కొలత చూసుకొని ఆగిపోయేది. ముగించడం రాక కొమురవ్వ పట్టీ ఆగలేదు. అందుకే సరిగ్గా గడ్డందాకా వచ్చింది. దూరాన లోయలో కదురుపల్లి మీద సన్నటి పొగ లేచింది.  ఆ పొగ కింద వేణ్ణీళ్ళు కాగుతుంటాయి.

ఆనందం పట్టలేక వణుకాసురుడు గుటక వేశాడు. పట్టీ సాగింది, చినగలేదు. కాని చివరి వరసలో ఉన్న ముల్లు టప్పున ఊడి పడింది. తలుపు తీసిన దొడ్డిలోంచి గొర్రెలు బెదిరి పరుగెత్తినట్లు ఉచ్చులు ఒకదాని వెంట ఒకటి జారిపోసాగాయి. గడ్డం కింద చలి తగిలింది. రాక్షసుడు ఊపిరి పీల్చాడు. లోయలో పొగ మాయమైంది.

కొమురవ్వ ఎగిరి ఆ వరసను ఒడిసిపట్టి, మిగిలిన గొర్రెలను మళ్ళీ ముల్లు మీదికి ఎక్కించింది. కాని ఎంతసేపు పట్టుకొని నిలబడుతుంది? ఇంటి దగ్గర దొడ్డి గుర్తుచేసుకుంది. గుమ్మం దగ్గర ముందున్న గొర్రె మొండికేసి నిలబడితే వెనకది ఏం చేస్తుంది? దాని మీదినుంచి దూకేస్తుంది.

ఆమె రెండు గొర్రెలను రెండో ముల్లు మీదికి తోలింది. వెనకదాన్ని ముందుదాని మీదినుంచి దూకించి ముల్లు కిందికి దింపింది. ఊపిరి బిగబట్టి చూసింది. దూకిన గొర్రె ఎక్కడికీ పోలేదు. ముందుదాని మెడ పట్టుకొని బుద్ధిగా నిలబడింది. ఇంకోదాన్ని తోలింది, దూకించింది. అలా మందంతా దూకింది. చిట్టచివరి గొర్రె ఒంటరిగా మిగిలితే, దారం కొసను దాని లోంచి లాగి ముడి బిగించింది.

వణుకాసురుడు ఈసారి భయం భయంగా గుటక వేశాడు. ఏదీ జారలేదు.

"వంకర టింకరగ ఉంది మామా" అంది కొమురవ్వ తల దించుకొని. "ఒకదిక్కు చాటలెక్క, ఒకదిక్కు తోకలెక్క. నడుమ బొక్క గూడ పడ్డది. నేను అల్లుడు ఇదే మొదలు."

వణుకాసురుడు ఆ బొక్కలో వేలు పెట్టి చూసుకున్నాడు. "ఇంత మంచిది నా జన్మల ఎన్నడు చుట్టుకోలే" అన్నాడు.

కొమురవ్వ, గిజిగాడు ఒక్కసారే సత్తెయ్య వైపు తిరిగారు. అది గడ్డి నములుతూ నిలబడింది. ఒక్క వెంట్రుక కూడా పెరగలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి వదిన కాళ్ళు చాపుకొని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి వేణ్ణీళ్ళు పోస్తోంది. బిడ్డ ఊరంతా వినబడేలా ఏడుస్తోంది. ఆ ఏడుపుకు నాయనమ్మ నవ్వుతోంది.

మహారాజు మాట తప్పకుండా యువరాజును వెంటబెట్టుకొని వచ్చాడు. కొమురవ్వను పెళ్ళాడటం తనకెంతో ఇష్టమని యువరాజు అన్నాడు. సత్తెయ్య మూరెడు ఉబ్బింది. అర్ధరాజ్యం సంతోషంగా ఇస్తున్నానని మహారాజు అన్నాడు. సత్తెయ్య ఇక వాళ్ళ కోసం వేసిన పందిట్లో పట్టలేదు. కొమురవ్వ నవ్వు ఆపుకొని, పెళ్ళీ వద్దు రాజ్యమూ వద్దు, నిట్రాట గుట్ట మీద గొర్రెలు మేపుకునే హక్కు చాలంది. ఇద్దరూ హాయిగా ఊపిరి తీసుకొని వేడివేడి అన్నం తిని వెళ్ళారు. పెళ్ళి మాత్రం గిజిగాడికి జరిగింది. గొర్రెలను దూకించే విద్యతో అతడు మొదటిసారి గూడు పూర్తిచేశాడు.

కదురుపల్లిలో ఉన్ని తక్కువైన ఏడాది, కురుమలు పొట్టేళ్ళ మధ్య కూర్చొని ఈ కథంతా మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటారు. తెల్లారేసరికి కత్తెరలకు చేతినిండా పని ఉంటుందట.