ఉలవలు పరిచిన రోడ్డు

"మీ కమిటీవోలికి కళ్లు నెత్తికెక్కినాయేటి? మా పంట తీసెయ్యమనడానికి మీరెవులు? ఈ రోడ్డుకి కంకర కొట్టింది మాయమ్మ. తట్టలు మోసింది మా ఊరు ఊరంతా. ఆ రోజు మీరెక్కడున్నారు?"

జగన్నాధం మీద ఒక పడుచు అమ్మాయి అరుస్తోంది. అతనేమో సైకిలుతో సహా రోడ్డు మీద పడి ఉన్నాడు. వెనక చక్రానికీ, గొలుసుకీ ఉలవ తీగలు పురికొసలా చుట్టుకుపోయాయి. రాజాంలో సొంత సైకిలు షాపున్న మనిషికి ఇంతకంటే అప్రతిష్ట ఏముంటుంది?

అది అరవై ఎనిమిది, ఫిబ్రవరి. రాజాం నుంచి బొబ్బిలి పోయే తారు రోడ్డు మీద, తుమ్మలవలస పొడుగునా ఉలవ చేలు కోసి తెచ్చి పరిచారు. వచ్చే బస్సూ, పోయే లారీ దాని మీదుగా నడిస్తే కాయ పగిలి గింజ రాలుతుంది. కల్లం లేని రైతుకు రోడ్డే కల్లం.

తప్పు జగన్నాధానిదే. రాజాంలో మేడ గదిలో కూర్చుని, యువజన సంఘం వాళ్లు 'మహా సైకిలు యాత్ర' తలపెట్టారు. మేపు మీద ఎర్ర పెన్సిలుతో దారి గీసింది సెక్రటరీ జగన్నాధమే. ఆ దారిలో ఏ ఊళ్లున్నాయో, ఏ నెలలో ఎవరి పంట ఇంటికొస్తుందో ఒక్కడూ అడగలేదు. కరపత్రాలు మాత్రం వెయ్యి అచ్చేయించారు.

వాటిలో ఒకటి ఇప్పుడా అమ్మాయి చేతిలో ఉంది. పేరు చిన్నతల్లి. అయిదో తరగతి దాకా చదువుకుంది. ఊరందరికీ వినపడేలా చదువుతోంది.

"'ఆదివారము ఉదయము మూడు వందల సైకిళ్లు వచ్చును. గ్రామస్థులు రోడ్డు శుభ్రముగా ఉంచి, ఇరుపక్కల నిలబడి చప్పట్లు కొట్టవలెను.' సప్పట్లా? పైనేటి రాసినారు? 'ప్రజలందరూ పాల్గొను యాత్ర.' మేం ప్రజలం కామేటి?"

"అంటే... ఉద్దేశం ఏమిటంటే..." అన్నాడు జగన్నాధం, గొలుసులోంచి తీగ లాగుతూ.

"ఉద్దేశం తరవాత. అలగ లాగితే తెగిపోతాది. చక్రం ఎనక్కి తిప్పు."

తిప్పాడు. తీగ వదులైంది. అతనికి ఒళ్లు మండింది. "నాకూ తెలుసు, రాజాంలో సైకిలు షాపు పెట్టినవాణ్ణి," అన్నాడు.

"షాపెట్టినానన్నావు గదా? దీన్ని ఇంకో షాపుకి సూపించు," అంది చిన్నతల్లి, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"శనివారంలోగా తీసెయ్యలేరా?"

"రోజుకి నాలుగు బస్సులు, రెండు లారీలు. ఇలగే నూరిస్తే సోమారం దాటతాది. ఈలోగా వానొస్తే గింజ రోడ్డు మీదే మొలకెత్తుతాది. మబ్బు సూడు."

చూశాడు. పడమటి కొండల మీద మబ్బు నల్లగా పేరుకుని ఉంది. రోడ్డు ఖాళీ చేస్తే ఆ ఊరికి పంట లేదు. చేయకపోతే యాత్ర లేదు. అతని సైకిలొక్కటే ఇలా కూలబడితే, మూడు వందల సైకిళ్ల మాట చెప్పాలా?

మర్నాడు శుక్రవారం మళ్లీ వచ్చాడు. ఈసారి ఊరి మొదట్లోనే దిగి, పంట తొక్కకుండా సైకిలు భుజానికెత్తుకుని నడిచాడు. ఆ వాలకం చూసి చిన్నతల్లి నవ్వాపుకోలేక పోయింది.

"ఏటిది, సైకిలే నిన్నెక్కింది?"

"కరపత్రం పంచడానికి రాలేదు. ఏం చెయ్యమంటారో అడగడానికొచ్చాను."

ఆమె నవ్వు సగంలో ఆగింది. అతని కళ్లలోకి ఒకసారి చూసి, చూపు ఉలవల మీదికి దించుకుంది.

"ఈ మాట నెల్లాళ్ల ముందడిగితే, ఆదివారం ఒద్దు, వచ్చే నెల పెట్టుకో అని సెప్పుదుం."

"ఇప్పుడో?"

"ఇప్పుడైతే మనుషుల్ని పట్రా. కర్రలు మేం ఇస్తాం."

అంతలో చిన్నతల్లి తల్లి దాలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. అతను తాగుతుంటే మీది ఏ ఊరంది. మీ ఇంటిపేరేటంది. మీయమ్మ ఉన్నాదా అంది. మజ్జిగకీ ఇంటిపేరుకీ సంబంధం ఏమిటో అతనికి తట్టలేదు. చిన్నతల్లికి తట్టింది. "అమ్మా, ఊరుకో!" అని లోపలికెళ్లిపోయింది.

శనివారం పొద్దున్నే సంఘం వాళ్లు ఇరవై ఇద్దరు దిగారు. ఇస్త్రీ చొక్కాలు, దువ్విన క్రాపులు. సంఘం ప్రెసిడెంటు గణపతిరావైతే చేతికున్న వాచీ కూడా విప్పలేదు. కర్రలు అందుకుని ఉలవల మీద పడ్డారు. అరగంటకి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలి దాలయ్యకు వినోదమే వినోదం. "ఆ బాబుని సూడండర్రా! ఉలవల్ని కొడతన్నాడా, జోకొడతన్నాడా?"

"కొంచెం గట్టిగా," అంది చిన్నతల్లి జగన్నాధం పక్కకొచ్చి. "ఉలవలకి దెబ్బ తగిలిందని ఎవులూ కేసెట్టరు."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే కొడతాను."

"నాను మాట్లాడితే నీ చెయ్యాగిపోతాదా?"

ఆగిపోయింది. ఆమె మాట్లాడినా ఆగింది, ఊరుకున్నా ఆగింది. ఆఖరికి కర్ర లాక్కుని ఆమే కొట్టింది. తూర్పారబట్టేటప్పుడు ఉలవ పొట్టంతా ఎగిరొచ్చి అతని క్రాపు మీద వాలింది. "ముసలోడివైపోనావు," అంది. దులుపుదామని చెయ్యెత్తి, నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి దించేసుకుంది.

మధ్యాహ్నం అంబలి తాగుతూ దాలయ్య అడిగాడు. "పంట బేగి లోపలికెల్లిపోతాది. బానే ఉన్నాది. రేపు మేమేటి సెయ్యాలి? నిలబడి సూడాలా? మాకూ తొక్కాలనుంటాది గదా. ఊరు మొత్తానికి నాదొక్కటే సైకిలు. దానికి బ్రేకుల్లేవు."

"సొంత సైకిలున్నవాళ్లకే యాత్రలో ప్రవేశం. అది రూలు," అన్నాడు గణపతిరావు.

"ఆ రూలు రాసింది నేనే. కొట్టేస్తున్నాను," అన్నాడు జగన్నాధం. "మన సైకిళ్లన్నిటికీ వెనక కేరియర్లున్నాయి. ఊరంతా ఎక్కండి. బొబ్బిలి తీసుకెళ్లి, సాయంత్రానికి దింపుతాం."

చిన్నతల్లి కుండ అందుకుంది. అతని గిన్నెలో ఇంకొంచెం అంబలి పోసింది. అడక్కుండానే పోసింది.

ఆఖరి బస్తా ఇంటికి చేరిందో లేదో నాలుగు చినుకులు పడ్డాయి. ఖాళీ రోడ్డు తడిసి మెరిసింది. తడవకుండా పరిగెత్తాల్సిన ఇద్దరూ తాపీగా నడిచారు.

ఆదివారం ఏడింటికి మూడు వందల సైకిళ్లూ గంటలు మోగించుకుంటూ వచ్చాయి. ముందు జట్కా బండి, దాని మీద బేటరీ మైకు. మొట్టమొదట దాలయ్య ఎక్కాడు, "గోతులు సూసి తొక్కు" అని తిడుతూ. నవ్వులు, కేకలు, పంచెలు సర్దుకోవడాలు. ఊరు ఊరంతా కేరియర్ల మీదికెక్కేస్తోంది.

జగన్నాధానికి సంతోషం పట్టలేదు. అరుగు పక్క కొత్త చీరలో చిన్నతల్లి ఒక్కతే నిలబడి ఉంది. తన చేతిలో మైకుందన్న సంగతే మరిచిపోయాడు. అనేశాడు.

"చిన్నతల్లీ! నువ్వు నా సైకిలెక్కు!"

మూడు ఊళ్లకి వినపడింది.

గంటలు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో పెళ్లికాని పిల్లని నలుగురిలో ఒక మగాడు తన సైకిలెక్కమన్నాడంటే అది మర్యాద కాదు, పెళ్లిమాట.

"ఓలమ్మో! మైకులోనే అడిగేసినాడే!" అంది పక్కింటి జగ్గమ్మ.

జగన్నాధం చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదు... నా ఉద్దేశం..." అనబోయాడు. చిన్నతల్లి ముఖం చూశాడు. ఇందాకటి దాకా ఉన్న నవ్వు ఆ ముఖంలో లేదు. తల ఎత్తే ఉంది గానీ పెదవి అదురుతోంది. ఊరికే అన్నాననేస్తే అతను బతికిపోతాడు. ఆ పిల్లని మాత్రం ఏళ్ల తరబడి ఊరు ఆడిపోసుకుంటుంది.

అయినా, ఊరికే అన్నాడా? అడగక్కర్లేదు, అతనికే తెలుసు. మైకు జట్కా మీద పెట్టేసి ఆమె దగ్గరకు నడిచాడు.

"మీ ఊళ్లో దానికి అర్థం అదని నాకు తెలీదు," అన్నాడు. "తెలీక అన్నాను. అర్థం తెలిసినాక కూడా ఆ మాటే అంటన్నాను. వస్తావా?"

చిన్నతల్లి ఊపిరి వదిలింది. కళ్లు తుడుచుకుంది. అవే కళ్లతో అతన్ని పైనుంచి కింద దాకా ఉలవల బస్తాని బేరం చేసినట్టు చూసింది.

"నన్నడిగితే సరిపోద్దేటి? నాను దారిన దొరికినానా? అల్లదిగో మాయమ్మ. ముందు దానికి దణ్ణమెట్టి అడుగు."

దాలమ్మ అప్పటికే కొంగు చాటున నవ్వుతోంది.

"అడిగినాక బొబ్బిలి ఎల్లకు. ఈ మూడొందలమందికీ దారి తెలుసు, ఓలే ఎల్తారు. నువ్వు రాజాం తొక్కు. మీయమ్మని కేరియరు మీద కూకోబెట్టుకుని, ఎండెక్కక ముందే మా ఇంటికి పట్రా. ఆవిడ నోటితో ఆవిడ అడగాలి. ఏటి, అలగ సూస్తన్నావు? సైకిలు తిప్పు. బేగి!"